చక్రానికి ముందు వెలుతురు

నా చిన్నప్పుడు కోయంబత్తూరులో మా మిల్లు లైను ఇళ్ళకు కొత్త వస్తువు ఏది వచ్చినా ముందు దేవుడికి చూపించేవాళ్ళం, తర్వాత వీధికి చూపించేవాళ్ళం, ఆ తర్వాతే వాడుకునేవాళ్ళం. కొన్ని వస్తువులు వీధికి చూపించే దశలోనే పాడైపోయేవి.

ఆ రోజు వచ్చింది టార్చి లైటు. మా చిన్నాన్న గాంధీపురంలో కొని జేబులో వేసుకొని తెచ్చాడు. జేబులో పట్టే టార్చిని మేం అంతకుముందు చూడలేదు. మాకు తెలిసిన టార్చి మిల్లు వాచ్‌మన్ చేతిలోది. అది వెలుతురుకు ఎంత పనికొచ్చేదో కుక్కల్ని తరమడానికీ అంతే పనికొచ్చేది. ఇది జానెడు కూడా లేదు. ఒళ్ళు సన్నం, తల పెద్దది, తల లోపల అద్దంలా మెరిసే లోతైన గిన్నె. తల తిప్పితే వెలుతురు బిగుసుకుంటుందనీ, అర ఫర్లాంగు దూరం కొడుతుందనీ అంగడివాడు చెప్పాడట. మా తాతయ్య దాన్ని అరచేతిలో ఆడించి చూసి, "చూసి చెప్పినాడా, అమ్మేదానికి చెప్పినాడా?" అని మాత్రం అడిగాడు. ఆయన మిల్లులో స్పిన్నింగు మేస్త్రీగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. యంత్రాల గురించి యంత్రాలు తప్ప ఎవరేం చెప్పినా నమ్మేవాడు కాదు.

మిల్లులో ఆయుధపూజ నాడు ప్రతి యంత్రానికీ చందనం, కుంకుమ పెడతారు. మా నాయనమ్మ దృష్టిలో టార్చి కూడా యంత్రమే. బొట్టు ముఖానికి పెట్టాలి కాబట్టి, టార్చికి ముఖం ఏదో ఆలోచించి, అద్దం నిండా చందనం పూసి నడుమ కుంకుమ అద్దింది. సాయంత్రం వీధంతా చూస్తుండగా చిన్నాన్న మీట నొక్కాడు. ఎదురింటి గోడ మీద గుడ్డు సొన రంగులో ఏదో పడీపడనట్టు పడింది.

"అగ్గిపుల్ల గెలుస్తాది పో," అన్నాడు మూలింటి మామ.

తాతయ్య పంచె కొసతో అద్దం తుడిచి, తల తిప్పి, చెయ్యెత్తాడు. మా ఇళ్ళ ముందున్న మైదానాన్ని ఒక్క గీతలో దాటి వెలుతురు మిల్లు పొగగొట్టం మీద పళ్ళెమంత గుండ్రంగా నిలబడింది. ఇటుకల వరసలు లెక్కపెట్టవచ్చు. మూలింటి మామ నాలుగడుగులు ముందుకొచ్చి చూశాడు. మా వీధికి అది చిన్న సంగతి కాదు. నేను మాత్రం ఇంకోటి గమనించాను. పొగగొట్టం కనిపిస్తోంది కానీ మెట్టు మీదున్న నా కాలు నాకు కనిపించడం లేదు. ఆ లైటు దూరాన్నే పట్టించుకునేది.

మర్నాడు సాయంత్రం చిన్నాన్న షిఫ్టుకు పోయాడు. అడగడానికి మనిషి లేడు కాబట్టి అడగకుండానే టార్చి తీసుకొని మిద్దె ఎక్కాను.

ఇక్కడ పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమె పెద్ద పరీక్ష పాసై, పల్లెల్లో తిరిగి బాలింతలనూ పసిపిల్లలనూ చూసుకునే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. అందులో 'సైకిలు తొక్కడం వచ్చు' అని రాసింది. రాసిననాడు అది నిజం కాదు, పిలుపు వచ్చేలోగా నిజం చెయ్యాలని ఆమె ఉద్దేశం. పిలుపు కాస్త ముందే వచ్చింది. సోమవారం వచ్చి ఆఫీసు ముందు తొక్కి చూపించమన్నారు. ఆ ఉద్యోగం రాకపోతే తల్లితో పాటు మిల్లులో నూలు చుట్టే రీలింగు పనిలోకి పోవడమే. తల్లి ఆ దూదిపొట్టులో పనిచేసి చేసి, మూడు మాటలకొకసారి దగ్గేది.

ఇంట్లో ఉన్నది తండ్రి సైకిలొక్కటే. అది సాయంత్రం మిల్లు సంగు, అంటే సైరను, ఊదాక ఇంటికి చేరేది. అప్పటికి మైదానంలో బంతాట. ఆటగాళ్ళు పోయి, చీకటి పూర్తిగా పడేలోపు దొరికే అరగంటే ఆమె బడి. ఆడపిల్ల సైకిలు తొక్కితే చూడ్డానికి వచ్చే జనం మా వీధిలో చాలామంది. చీకటి పడుతుంటే వాళ్ళు రారు.

నాకివేవీ తెలియవు. పొగగొట్టం మీద కొట్టాను, చింతచెట్టు మీద కొట్టాను, తర్వాత మైదానం మీదికి తిప్పాను. చీర ఎగదోపుకొని, పళ్ళు బిగించి, వంకరటింకరగా పోతున్న అక్క ముఖం మీద వెలుతురు పడింది. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకుంది. సైకిలు ఒక పక్కకు, ఆమె ఒక పక్కకు పడ్డారు. అరుగుల మీది జనమంతా లేచి నిలబడ్డారు.

"ఏమ్మా, సర్కసులోకా పోతాండావు?" మూలింటి మామ గొంతు.

నవ్వులు వినిపించాయి కాబట్టి నేనేదో ఘనకార్యం చేశాననుకొని లైటు అలాగే పట్టుకున్నాను. ఆమె లేచి చీర దులుపుకొని వెలుతురు వైపు చూసింది. ఆమెకు నేను కనిపించను. నాకు ఆమె పూర్తిగా కనిపిస్తోంది. ఆ తేడా అప్పుడు సరదాగా ఉంది.

తెల్లారి అక్క వాళ్ళమ్మ మా అమ్మతో అంటుంటే విన్నాను. "సోమవారం పోదంట వదినా. రీలింగుకే వస్తానంటాది. రాత్రంతా ఒకే మాట." అని దగ్గింది. నేను పోయి తాతయ్యకు జరిగినదంతా చెప్పేశాను. తిట్టి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్ని. ఆయన తిట్టలేదు. "లైటు తీసుకురా కన్నూ," అన్నాడు.

సాయంత్రం సంగు ఊదింది, బంతాట ముగిసింది. తాతయ్య అరుగు మీద కూర్చొని, ఈ లైటు ఒట్టి మోసమని, అర ఫర్లాంగు కాదు గదా అందులో సగం కూడా కొట్టదని గట్టిగా అన్నాడు. మూలింటి మామ లేచాడు.

"అదేంది మేస్త్రీ, పొగగొట్టం దాకా పోయిందే! నేను చూసినానే!"

"పోయేది వేరే, పనికొచ్చేది వేరే. మిల్లు గోడ కాడ నిలబడి ఈ వెలుతుర్లో పేపరు చదివితే ఒప్పుకుంటా." తాతయ్య పక్కింటి వైపు తిరిగాడు. "అమ్మాయీ! ఈ పేపరు తీసుకొని గోడ దాకా పోయిరామ్మా."

తలుపు చాటు నుంచి జవాబొచ్చింది. "వేరే ఎవరినన్నా పంపండి తాతా."

"ఈ వీధిలో వేరే ఎవరికి చదువొచ్చు? మామకు సంతకం పెట్టేదే రెండు పూటల పని."

అక్క బయటికొచ్చింది. మోకాలి దెబ్బతో కుంటుతోంది. "శరి, నడిచి పోయొస్తా."

"నడిస్తే నువ్వు వచ్చేలోపల బ్యాటరీ అయిపోతాది. సైకిలేసుకో."

ఆమె తాతయ్య ముఖంలోకి ఒక క్షణం చూసింది. ఆయన పేపరు మడతలు సరిచేసుకుంటున్నాడు. ఆమె పోయి సైకిలు తెచ్చింది.

టార్చి ఆయన పట్టుకోలేదు. నన్ను అరుగు చివర, ఆమె నీడ అడ్డం రాని చోట నిలబెట్టి నా చేతికిచ్చాడు. మణికట్టు పట్టుకొని చెవిలో, "ఆ పిల్ల మీద కాదే. చక్రానికి ముందు, రెండు బారల దూరంలో కొట్టు. ఆ పిల్ల పోయేకొద్దీ నువ్వూ జరుపు," అన్నాడు. వెలుతురు ముందు పరిగెత్తింది, సైకిలు దాని వెనక పోయింది. గుంటలు, రాళ్ళు ముందే తెలిసిపోతున్నాయి. ఆమె రెండుసార్లు కాలు కింద పెట్టింది. ఎవరూ చూడలేదు. వెలుతురు చింతచెట్టు దగ్గరే తేలిపోయిందా లేదా అని అందరూ కొట్టుకుంటున్నారు. కొలతలు తమిళంలో, తిట్లు తెలుగులో.

గోడ దగ్గర నుంచి ఆమె గొంతు వినిపించింది. పళనికి ప్రత్యేక బస్సులు వేశారట.

"తిరిగొచ్చేటప్పుడు దించు," అన్నాడు తాతయ్య. "కంట్లో పడకూడదు."

ఆమె వచ్చి దిగీ దిగకముందే మామ అడ్డం తగిలాడు. "ఆ బస్సుల సంగతి పొద్దున టీ అంగట్లోనే చదివినారు! గుర్తుపెట్టుకొని చెప్తాంది!" తాతయ్య ఈ మాట కోసమే కూర్చున్నట్టుంది. "అయితే ఇంకో పేజీ," అన్నాడు. ఆ తర్వాత అక్షరాలు పెద్దవన్నారు, చిన్నవి చదవమన్నారు. గోడ దూరం చాలదన్నారు, ఇంకో మూలకు పొమ్మన్నారు. మూడో దఫాకు ఆమె కాలు కింద పెట్టలేదు. ఆరో దఫాకు, దారిలో ఎవరూ లేకపోయినా, గంట కొట్టింది.

ఆదివారం మళ్ళీ అదే పరీక్ష. బ్యాటరీలు మార్చాం కాబట్టి నిన్నటిది చెల్లదని తాతయ్య వాదన. ఆ లైటు ఎంత దూరం కొడుతుందన్నది నాకు తెలిసి ఈనాటికీ తేలలేదు.

సోమవారం అక్క పొద్దున పోయి సాయంత్రం వచ్చింది. వీధంతా అరుగుల మీదే ఉంది. ఏమైందని మామే ముందు అడిగాడు.

"తొక్కమన్నారు, తొక్కినాను," అంది అక్క. "పేపరే చదవమనలే."

తర్వాత నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "ఈసారి లైటు సరిగ్గా పట్టినావే," అంది. మిద్దె మీద లైటు ఎవరు పట్టుకున్నారో ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది. క్షమించమని అడగాలనుకున్నాను, అడగలేదు. ఆమె కూడా దాని కోసం నిలబడలేదు. అక్కకు జీతం వస్తుండటంతో ఏడాది తిరక్కముందే వాళ్ళమ్మ రీలింగు మానేసింది.

తాతయ్య ఆ రెండు సాయంత్రాల గురించి నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఆయన చేసింది ఏమిటో నేను కాలేజీ చదువంతా అయ్యాక గాని పూర్తిగా గ్రహించలేదు. కాలేజీలో అది చెప్పలేదు. ఆయన నాకిచ్చినవాటిలో నేను రోజూ వాడేది ఇదొక్కటే. మా కోడలు మొదటిసారి దోసె వేస్తున్నప్పుడు నేను ముందుగదిలో చట్నీలో కొబ్బరి ఎంత ఉండాలని గొడవ పెట్టాను, పెనం వైపు ఎవరూ చూడలేదు. మనవడు కారు నేర్చుకుంటుంటే వెనక సీట్లో వాళ్ళ నాన్నతో రోడ్డు ఎవరి హయాంలో వేశారని వాదించాను. నాకు వయసుతో పాటు వాదించే గుణం ముదురుతోందని మా ఇంట్లో వాళ్ళ అభిప్రాయం. మా తాతయ్య గురించీ వీధిలో ఇదే అనుకునేవారు.