గట్టు మొదట్లో బేసిన్

మా అన్న పోయిన తర్వాత పలకరించడానికి వచ్చినవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగింది ఆయనకు ఏం జబ్బు ఉండేదని కాదు. ఆయనకు గురువు ఎవరని.

రొయ్యల గుంట గట్టు మీద, నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటరు స్విచ్‌బోర్డు పక్కన గుండె ఆగి పడిపోయిన మనిషికి గురువు ఉంటే ఏం చేసి ఉండేవాడో నాకు తెలియదు. కానీ మా ఊళ్ళో ఇప్పుడు గురువు లేనివాణ్ణి రేషన్ కార్డు లేనివాణ్ణి చూసినట్టు చూస్తారు. ఒకరి గురువుకు పెన్న ఒడ్డున ఆశ్రమం ఉంది. ఒకరి గురువు అరవదేశంలో ఉంటాడు, మాట్లాడడు. మా మేనత్త కొడుకు గురువు ఫోన్‌లో రోజూ తెల్లవారి ఐదింటికి మాట్లాడతాడు. మంచి గొంతు. నేను విన్నంతవరకు ఆయన చెప్పేది నీళ్ళు ఎక్కువ తాగమని.

నేను "ఎవరూ లేరు" అని చెప్పేవాణ్ణి. వాళ్ళు తలూపేవాళ్ళు. ఆ ఊపులో జాలి కొంత, తృప్తి కొంత. మనిషి ఎందుకు పోయాడో తెలిసింది కదా, ఇక కాఫీ తాగవచ్చు.

లైబ్రరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నన్ను ఏదైనా మంచి గ్రంథం చదివి వినిపించమన్నారు. గురువుల గురించి నేను చాలా చదివాను. ఆ పుస్తకాల్లో సగం గురువు దొరకడం ఎంత కష్టమో చెబుతాయి. తక్కినవి దొరికాక ఎంత కష్టమో చెబుతాయి. నాకు గొంతు బాగాలేదని చెప్పి ఊరుకున్నాను.

మా అన్నకు ఉన్నది ఒక బేసిన్.

మా గుంటలు చిల్లకూరు దాటి సముద్రం వైపు పోయే దారిలో ఉన్నాయి. గట్టు మొదట్లో కర్రల గేటు, ఆ గేటు దగ్గర నీలం ప్లాస్టిక్ బేసిన్. దాంట్లో సగం దాకా పొటాషియం పర్మాంగనేట్ కలిపిన ఊదారంగు నీళ్ళు. ఎవరొచ్చినా చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ అందులో ముంచిగానీ గట్టెక్కకూడదు. వైట్‌స్పాట్ అనే రోగం ఒక గుంటలో పడితే పక్క గుంటకు పిట్టల ముక్కున వస్తుంది, పీతలతో వస్తుంది, బకెట్లతో వస్తుంది, మనుషుల కాళ్ళ మట్టితో వస్తుంది. వచ్చిన మూడు నాలుగు రోజుల్లో గుంట ఖాళీ. అన్న పిట్టలకు అడ్డంగా పైన దారాలు కట్టాడు. పీతలు రాకుండా చుట్టూ వల పాతాడు. మనుషులకు బేసిన్ పెట్టాడు. పిట్టలూ పీతలూ చాలావరకు ఆగాయి. మనుషులు మాత్రం బేసిన్ పక్కనుంచి నడిచిపోయేవాళ్ళు. గట్టు మీదనుంచి అన్న అరిచేవాడు. ఎనిమిదేళ్ళు అరిచాడు.

నేనూ అలా పోయినవాణ్ణే. ఒకసారి నెల్లూరు నుంచి వచ్చి, బూటూ సాక్సూ విప్పడం బద్ధకమై, ఒక కాలు మాత్రం ముంచి గట్టెక్కాను.

"ముంచినావా?" అన్నాడు అన్న.

"ముంచాను."

"ఎన్ని?"

నేను బూటున్న కాలును వెనక్కి జరిపాను.

"రెండోది మీ గురువొచ్చి ముంచుతాడా?"

ఆ రోజుల్లో నేను ఒక స్వామివారి ఉపన్యాసాలకు సెలవు పెట్టి మరీ పోతుండేవాణ్ణి. ఆయన 'నేను' అనేది లేదని రెండు గంటలు చెప్పి, తర్వాత తన ఫొటో ఉన్న డైరీలు పంచేవాడు. నేను ఒకటి తెచ్చుకున్నాను. దాన్ని అన్న మేత లెక్కలకు వాడుకున్నాడు.

వదిన మూడో రోజునే గుంట దగ్గరికి పోయింది. ఇంట్లో ఆడవాళ్ళు బుగ్గలు నొక్కుకున్నారు. "రొయ్యలకు మైలేందక్కా? అరవై రోజుల పిల్ల. మేత లేకపోతే ఒకదాన్నొకటి పీక్కుతింటాయి" అని చెప్పి పోయింది. ఆమె అన్నదమ్ములు బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే వాళ్ళు. పెద్దకర్మ రోజు పంక్తిలో కూర్చుని, గుంటలు ఎవరికైనా ఇచ్చేసి తమ ఇంటికి వచ్చేయమన్నారు. ఆడమనిషి వల్ల అయ్యే పని కాదన్నారు. వదిన వాళ్ళ విస్తళ్ళలో పెరుగు పోస్తూ, "ఈ పంట చేతికి రానీండి, అప్పుడు చూద్దాం" అంది. పంట పోతే చూడడానికి ఏమీ మిగలదని అక్కడున్న అందరికీ తెలుసు.

పన్నెండో రోజు పక్క గుంటాయన వచ్చాడు. రొయ్యల మేత డీలరు, పెన్న ఒడ్డు స్వామికి మా మండలంలో ముఖ్య శిష్యుడు. తన స్కూటరుకూ దుకాణానికీ కూతురికీ స్వామి పేరే పెట్టుకున్నాడు.

"వదినా, అన్న మంచోడే. నేను కాదన్ల్యా. గురువు నీడ లేదు, అంతే. ఎల్లుండి పొద్దున సామి మన గుంటలకు వస్తా ఉండారు. నీ గుంటకు గూడా అడిగినా. ఒప్పుకున్నారు."

"నేనడగలేదే."

"నువ్వు అడగలేవనే గదా నేనడిగింది!"

వదిన నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను. ఊరంతా ఆ స్వామి మనుషులే. కరెంటు పోతే జనరేటరు ఇచ్చేదీ వాళ్ళే, పట్టుబడి రోజు రొయ్యలు పట్టే వల లాగడానికి వచ్చేదీ వాళ్ళే. మొగుడు పోయిన పన్నెండో రోజున స్వామిని రావద్దన్న ఆడమనిషికి ఆ ఊళ్ళో ఎవరు వల లాగుతారు?

"రమ్మనండి" అంది.

స్వామి వచ్చే రోజు పొద్దున ఏడు గంటలకే వదిన నన్ను గట్టు మీదికి పిలిచి పక్క గుంట చూపించింది. దాని మీద కాకులూ కొంగలూ ముసురుకుని ఉన్నాయి. రొయ్య జబ్బుపడితే గట్టు వారకు వచ్చి తేలుతుంది. అది మనుషులకంటే ముందు పిట్టలకు తెలుస్తుంది.

"నిన్నటి నుంచీ ఇట్టానే ఉండాయి. ఆయన ఎవరికీ చెప్పల్యా. సామి వస్తే పోతుందని కూర్చోనుండాడు" అంది వదిన.

స్వామి మొదట అక్కడికే వచ్చారు. మేము మా గట్టు మీదనుంచి చూస్తున్నాం. ఇరవై మంది దాకా భజన చేస్తూ వచ్చారు. డీలరు తన గుంటలోనుంచే ఒక ఇత్తడి బిందెడు నీళ్ళు ముంచి, గట్టు మీద ఒక వెడల్పాటి పళ్ళెంలో స్వామి పాదాలు కడిగాడు. ఆ పాదతీర్థం కొంత తన గుంటలో పోశాడు. మిగిలింది తిరిగి బిందెలోకి ఎత్తాడు. తర్వాత ఊరేగింపు మా వైపు తిరిగింది. ముందు స్వామి, ఉత్తకాళ్ళతో, మడమల దాకా ఆ గట్టు బురదతో. వెనక డీలరు, నెత్తిన బిందెతో. ఆ బిందె మా గుంటకు.

నాకు తెలిసిన శాస్త్రాల్లో రోగాన్ని ఇంత శ్రద్ధగా, ఇన్ని పూలు చుట్టి ఒక గుంట నుంచి ఇంకో గుంటకు మోసే పద్ధతి ఎక్కడా లేదు.

"వదినా, నేను చెప్తాను" అన్నాను. ఏం చెప్పాలో తెలియదు.

"నువ్వు ఊరుకో నాయనా" అంది. ఆమె బేసిన్ దగ్గరికి పోయి, డబ్బా మూత తీసి పొటాషియం ఇంకో చెంచా వేసింది. ఒక క్షణం ఆలోచించి, ఇంకొకటి వేసింది. నీళ్ళు నల్లబడ్డాయి.

స్వామి గేటు దగ్గర ఆగారు. లావుపాటి మనిషి, మంచి రంగు, నిద్ర సరిపోయిన ముఖం.

"ఇదేంటమ్మా?"

"కాళ్ళు ముంచేదానికి సామీ. మా ఇంటాయన పెట్టిన పద్ధతి. ఎవరొచ్చినా ముంచాల్సిందే."

డీలరుకు బిందె బరువుతో పాటు కోపం కూడా వచ్చింది. "ఏంది వదినా! సామి పాదాలకే మందా? లోకాన్ని శుద్ధి చేసే పాదాలు!"

"పాదాలకు కాదులేన్నా. వాటికంటుకున్న మట్టికి."

ఆ మట్టి ఎవరిదో డీలరుకు తెలుసు. అతను పక్కకు చూశాడు. భజన చేసేవాళ్ళు చప్పట్లు ఆపేశారు. స్వామి చిరునవ్వు అలాగే ఉంచి, శుద్ధమైన దానికి శుద్ధి అనేది భ్రమ అని ఒక ప్రసంగం మొదలుపెట్టబోయారు. పెద్దదే అయ్యేట్టుంది.

వదిన తల మీద కొంగు కప్పుకుని రెండు చేతులూ చాచింది. "అన్నా, ఆ తీర్థం ఇట్టియ్యి."

డీలరు మెత్తబడ్డాడు. ఆమె దారికి వచ్చిందనుకున్నాడు. బిందె దించి చేతికిచ్చాడు. వదిన దాన్ని కళ్ళకద్దుకుని, బిందెడూ ఆ ఊదా నీళ్ళలో వంచేసింది.

"ఇప్పుడు మీ తీర్థమే సామీ. మీ తీర్థంలో మీరు కాళ్ళు పెట్టుకునేదానికి అడ్డమేముంది?"

నేను చదివిన పుస్తకాల్లో శిష్యులు గురువులకు చాలా ప్రశ్నలు వేశారు. ఇలాంటిది ఎవరూ వేయలేదు. స్వామి బేసిన్ వైపు చూశారు, జనం వైపు చూశారు. వద్దంటే తన తీర్థాన్నే వద్దన్నట్టు. ఒక కాలు పెట్టారు. వదిన కదలకుండా నిలబడింది. రెండోదీ పెట్టారు.

"కొంచేపు ఉంచండి సామీ" అంది.

ఒక శిష్యుడు వంగి దోసిట్లో ఆ నీళ్ళు పట్టాడు. "తాగబాకయ్యా! గొంతు కాలతుంది!" అని వదిన కేకేసింది. అతను తాగకుండా నెత్తిన చల్లుకున్నాడు. అతనికి పైన జుట్టు లేదు. తర్వాత వారం రోజులు ఆ రంగు మచ్చ అందరికీ దర్శనమిచ్చింది.

ఇక మిగతావాళ్ళు గట్టెక్కాలి. గేటులోకి రావాలంటే అందులో కాళ్ళు ముంచాలి. ముంచడానికి కాళ్ళెత్తి అందరూ ఒకేసారి ఆగిపోయారు.

"సామి పాదాలు పెట్టిన నీళ్ళల్లో మేం కాళ్ళు పెట్టేదా?" అన్నాడొకడు.

"అపచారం గదా" అన్నాడు డీలరు, మొత్తం అర్థమై.

"మీ ఇష్టమన్నా. పెట్టకుండా మాత్రం రాబాకండి" అంది వదిన.

ఇరవై మందీ బయటే ఉండిపోయారు. స్వామి ఒక్కరే గట్టు మీదికి వచ్చారు, పక్కన వదిన. స్వామికి ఎదురెళ్ళి గేటు బయటే ఉన్న నేను అపచారానికి సిద్ధపడి, ముంచుకుని వెనక నడిచాను. జనం లేకపోతే ఆయన మామూలు మనిషిలాగే నడిచాడు, చూసుకుంటూ, జారతానేమోనని. వదిన చెక్ ట్రే పైకి లాగి చూపించింది. రెండు గంటల కిందట వేసిన మేత ట్రేలో ఎంత మిగిలిందో, రొయ్యల పేగు నిండిందో లేదో, అది చూసి చెప్పొచ్చు.

"మేత బాగుందని నేననుకుంటే చాలదు సామీ. ఇవి తిన్నాయా లేదా చూడాల. అంతే ఈ విద్య" అంది.

ఆయన ఆ ట్రే వంక కాసేపు చూశాడు. "మీ వారు ఎక్కడ పోయారమ్మా?" అని అడిగాడు. వదిన స్విచ్‌బోర్డు చూపించింది. ఆయన దణ్ణం పెట్టాడు. ఆ ఒక్కటీ బాగుంది. తిరిగి వస్తూ గొంతు తగ్గించి అడిగాడు:

"ఈ రంగు పోతుందా?"

"వారంలో పోతుంది సామీ. నిమ్మకాయ రుద్దండి."

డీలరు గుంట నాలుగో రోజుకు ఖాళీ అయింది. అతని ఏడుపు మా గట్టు దాకా వినిపించింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు. వదిన వాళ్ళింటికి అన్నం వండి పంపింది.

రెండు వారాల తర్వాత మా మేనత్త కొడుకు నా ఫోన్‌కు ఒక ఫొటో పంపాడు. స్వామి పాదాలు, దగ్గరగా. ఊదా, గోధుమ కలిసిన రంగు. కింద రాసి ఉంది: రైతుల గుంటల్లోని విషాన్ని స్వామి తన పాదాలతో గ్రహించారు. మూడు నమస్కారాల బొమ్మలు. తర్వాత తెలిసింది, మండలంలో శిష్యులున్న ప్రతి గుంట దగ్గరా బేసిన్లు వెలిశాయి. ఊదారంగు నీళ్ళు. మొదట స్వామి ఫొటో ముందు పెట్టి, హారతి ఇచ్చి, తర్వాత ఎవరి కాళ్ళు వాళ్ళు ముంచుకుంటున్నారు. అన్న ఎనిమిదేళ్ళు అరిచినా ముంచని వాళ్ళు.

నాకు ఒళ్ళు మండింది. వదినకు ఫోన్ చేశాను. "ఇది అన్న పెట్టిన పద్ధతని చెప్పకూడదా?"

"చెప్తే మానేస్తారు" అంది.

పంట చేతికొచ్చింది. పట్టుబడి రోజు నేను వెళ్ళాను. బుచ్చిరెడ్డిపాలెం అన్నదమ్ములు కూడా వచ్చి, వరి గురించి మాట్లాడుతూ దూరంగా నిలబడ్డారు. ఇచ్చేయమని మళ్ళీ అనలేదు. వల లాగడానికి వచ్చినవాళ్ళలో డీలరు అందరికంటే ముందున్నాడు. మా పాత నీలం బేసిన్ దగ్గర చెప్పులు విడిచి, దాని అంచు తాకి కళ్ళకద్దుకుని, రెండు కాళ్ళూ ముంచాడు.

"సామి నేర్పించినారు" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచాను. గట్టు మీదనుంచి వదిన నా వైపు చూసింది. నోరు మూసుకున్నాను. భక్తితో ముంచావా, భయంతో ముంచావా అని అన్న ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

స్విచ్‌బోర్డు దగ్గర అన్న కూర్చునే కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాన్నే చూస్తూ ఒక కాలు ముంచి గట్టు మీదికి అడుగు వేశాను.

"రెండోది?" అంది వదిన.