కళాయి పోయిన గుండిగ

అత్తగారింట్లో శ్రీసుధకు రెండు పేర్లు. చుట్టాలొస్తే ఆమె "మా కోడలు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ". వాళ్ళు గేటు దాటగానే "భయాలమ్మ". పిల్లాడికి జ్వరమొస్తే రాత్రంతా థర్మామీటరు పట్టుకుని కూర్చుంటుందని, ప్రతి గ్లాసూ వాసన చూస్తుందని అత్తగారు వకుళాదేవి పెట్టిన పేరది. మొదట్లో శ్రీసుధ కూడా నవ్వేది. ఐదేళ్ళ కౌస్తుభ్ తర్వాత గోద పుట్టి, ఇప్పుడు దానికీ మూడు నిండుతున్నాయి. ఈమధ్య ఆమెకు నవ్వు రావడం లేదు.

ఆమె పుట్టిల్లు చిత్తూరు. తండ్రి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ల్యాబు చూసేవాడు. డబ్బా లోపలి పూత గీసుకుపోయిందని అనుమానమొస్తే చాలు, దాన్ని పక్కన పెట్టించేవాడు. యజమాని కేకలేసినా, సూపర్‌వైజరు మూతి ముడుచుకున్నా లెక్కచేసేవాడు కాదు. "తినేవాడికి ఇంట్లో పిల్లలుంటారమ్మా" అనేవాడు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల తిరుపతిలో ఎమ్మెస్సీ చదివి, ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతూ, తిరుచానూరులో వైష్ణవుల ఇంటి కోడలైంది. మామగారు సౌందరరాజన్ గుడి వంటశాలలో పనిచేసి రిటైరయ్యారు. భర్త యదునందన్ బీఎస్సీ చదివి ఒక ట్రస్టు ఆఫీసులో ఉద్యోగం చేస్తున్నాడు.

ఆ ఇంట్లో ధనుర్మాసానికి గట్టి కట్టుబాట్లున్నాయి. నెలంతా బయటి తిండి ముట్టరు. ఊరికి పోవలసి వస్తే తెల్లవారుజామునే పులిహోర కలిపి, స్వామికి ఆరగింపు చేసి, ఆ ప్రసాదాన్నే వెంట తీసుకుపోతారు. అదీ సౌందరరాజన్ తల్లి నాటి ఇత్తడి గుండిగలోనే. వకుళాదేవి కాపురానికొచ్చిన రోజున అత్తగారు ఆమె చేత మొదట వంట చేయించింది అందులోనే. స్టీలు క్యారియరు మాటెత్తితే ఆమెకు తనను ఇంట్లోంచి గెంటేసినట్టుంటుంది.

క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకు పులికాట్ సరస్సులో కొంగలు చూపిద్దామని యదునందన్ వ్యాను మాట్లాడాడు. పొద్దున పిల్లలకు స్వెట్టర్లు తొడిగి శ్రీసుధ వంటింట్లోకి వచ్చేసరికి అత్తగారు వేడివేడి అన్నంలో చింతపండు గుజ్జు కలుపుతోంది. గరిటె తగిలిన చోటల్లా గుండిగ లోపల పసుప్పచ్చగా మెరిసింది. తెల్లగా ఉండవలసిన తగరపు కళాయి అడుగున మచ్చలు మచ్చలుగా మాత్రమే మిగిలింది.

"అత్తమ్మా, దీనికి కళాయి పోయిండాదే! పులుపు ఇత్తడికి తగిలితే కిలుమెక్కుతాది. స్టీలు దాంట్లోకి మార్చేద్దాం, నేను మారుస్తా."

"తెల్లారకముందే మొదలుపెట్టినావా?" అంది వకుళాదేవి తలెత్తకుండానే. "ఇంకా ఉండాదిలే కళాయి. ఆరగింపైనాక దోషమేముంటాది? మా అత్త చేతి పాత్ర ఇది. దీంట్లో తినే నీ మొగుడు ఇంత వాడైనాడు."

"అప్పుడు కళాయి ఉండె కదా అత్తమ్మా."

"ఇప్పుడు కళాయి వేసేవాడు యాడుండాడు? వస్తే వేయిస్తాం."

శ్రీసుధ గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు తిరిగింది. అతను గుండిగలోకి తొంగి చూశాడు. చూశాడనడంలో ఆమెకు అనుమానమే లేదు. చూసి, మూత పెట్టి, "బయల్దేరే పూట ఎందుకు సుధా. కొన్ని గంటల్లో ఏమవతాదిలే" అంటూ గుండిగను ఎత్తి వ్యానులో పెట్టాడు. గొడవ పెడితే పిల్లల ప్రయాణం ఆగిపోతుందని ఆమె ఊరుకుని, మందుల సంచీలో అరటిపండ్లు, బొరుగులు కూడా కుక్కుకుంది.

"మేడమ్ బ్యాగు చూస్తే పెద్దాసుపత్రే" అన్నాడు డ్రైవరు గిరి. మామగారితో సహా అందరూ నవ్వారు.

దారి పొడవునా ఆలస్యమే. ఏర్పేడు దగ్గర లారీ అడ్డం పడి బండ్లన్నీ ఆగిపోయాయి. కాళహస్తిలో మామగారు పాత స్నేహితుణ్ణి చూసొస్తానని దిగారు. ఎండ ఎక్కిన కొద్దీ శ్రీసుధకు వెనక సీటు కింద ఉన్న ఆ మూతే గుర్తుకొస్తోంది. వేడి అన్నం, పులుపు, ఇత్తడి, గంటల తరబడి. క్లాసులో పిల్లలకు బోర్డు మీద రాసి చూపించే సంగతి తన పిల్లల వెనకే కూర్చుని ప్రయాణం చేస్తోంది. దాన్ని గురించి మాట్లాడితే మాత్రం భయం. బోర్డు మీద రాస్తే చదువు!

తడ దాటి సరస్సు గట్టు మీద వ్యాను ఆగింది. నీళ్ళలో దూరంగా గులాబీరంగు గీతలా కొంగలు నిలబడి ఉన్నాయి.

"అమ్మా, వాటికి రంగు ఎవరేసినారు?" అని అరిచాడు కౌస్తుభ్.

"ఎవరూ వేయలేదు నాయనా. అవి తినే రొయ్యల్లోంచి, పాచిలోంచి వస్తాది. తినేది ఒంటికి పడతాది కదా."

గోద తన చేతులు తిప్పితిప్పి చూసుకుంది. ఆ కాసేపూ శ్రీసుధ అన్నీ మరచిపోయింది.

సరుగుడు చెట్ల నీడన చాప పరిచి వకుళాదేవి మూత తీసింది. మధ్యలో అన్నం మంచి పసుపు రంగులోనే ఉంది. అంచుల వెంబడి మెతుకులు మాత్రం ఆకుపచ్చకు తిరిగాయి. శ్రీసుధ ఒక మెతుకు నాలుక మీద వేసుకుంది. నాణెం చప్పరించినట్టుంది. పిల్లల ముందున్న ఆకులు తీసి మడిచింది.

"వీళ్ళు తినరత్తమ్మా."

"ఎందుకు తినరు?"

"అంచు చూడండి. వాంతులవుతాయి. మీరూ తినొద్దు, మామయ్యా తినొద్దు."

వకుళాదేవి గరిటె కింద పెట్టింది. "నా చేతి వంట విషమంటావా?"

"మీ చెయ్యి కాదు. గిన్నె."

"ఆ గిన్నె నా చెయ్యి కంటే పెద్దది" అంది ఆమె. "సరే. ఎవరూ తినబాకండి. నీ పిల్లలకు బొరుగులు పెట్టుకో పో."

అక్కడితో అయిపోయేదే. పిల్లలు బొరుగులు తింటున్నారు. మామగారు కొంగల వైపు తిరిగి కూర్చున్నారు. ఈ పూట తన పిల్లలు గట్టెక్కారు కదా అని శ్రీసుధ ఊపిరి పీల్చుకుంది. అంతలో వకుళాదేవి గట్టు కింద పడవల దగ్గర ఆడుకుంటున్న పిల్లల్ని చెయ్యూపి పిలిచింది.

"రండి నాయనా, స్వామి ప్రసాదం! పులిహోర! ప్రసాదాన్ని పారేసేదుండదు. తినేవాళ్ళు తింటారు."

పిల్లలు పరుగెత్తుకొచ్చి చాప చుట్టూ నిలబడ్డారు. ఒక చిన్నది అప్పుడే చెయ్యి చాచింది. ఆ చెయ్యి గోద చెయ్యంతే ఉంది.

శ్రీసుధ లేచి గుండిగకు అడ్డంగా నిలబడింది. "వద్దు."

"నీ పిల్లలకు వద్దన్నావు, ఊరుకున్నా. వీళ్ళకెందుకు వద్దు?"

"మన పిల్లల కడుపులొకటి, వీళ్ళ కడుపులొకటా అత్తమ్మా?"

"నేనేమన్నా చెడ్డబుద్ధితో పెడతాండానా? పుణ్యం కోసం పెడతాండా!"

"నాకు తెలుసు. అందుకే ఇంకా ఎక్కువ మండతా ఉండాది నాకు."

పిల్లలు అత్తనూ కోడలినీ మార్చి మార్చి చూశారు. యదునందన్ దగ్గరికొచ్చి, "సుధా, అందరూ చూస్తా ఉండారు. తలా పిడికెడు పెడితే ఏమీ కాదులే" అన్నాడు మెల్లగా.

ఆ మెల్లదనమే ఆమెను కాల్చింది. "అయితే మీరు తినండి. ఈడ, అందరి ముందర. మధ్యలోది కాదు, ఆ అంచున ఉండేది."

ఆమె గరిటెతో అంచు గోకి ఆకులో వేసి చేతికిచ్చింది. అతను ఆకు పట్టుకున్నాడు. ముద్ద వైపు చూశాడు. తినలేదు.

"తినరా" అంది తల్లి. "ఆ పిల్ల నోరు మూతపడాల. తిను."

"వద్దులేమ్మా."

"ఏం?"

"ఆకుపచ్చగా ఉండాదిమ్మా."

వకుళాదేవి కొడుకు మొహంలోకి చూసింది. తర్వాత వంగి గుండిగ అంచు చూసింది. ఆమె చూపు ఆ రంగు మీద నిలబడడం అదే మొదటిసారి. చాచిన చేతుల వైపు తిరిగి, "పొండి నాయనా, ఇది బాగలేదు" అంది. శ్రీసుధ సంచీలో మిగిలిన పండ్లూ బొరుగులూ వాళ్ళకు పంచింది. గిరి వాళ్ళను వ్యాను హారన్ కొట్టిస్తానని పక్కకు తీసుకుపోయాడు.

"పొద్దున్నే చెప్పింటే పోయేది కదరా" అంది వకుళాదేవి కొడుకుతో. "నువ్వు చెప్పింటే నేను వినిందును."

అంతవరకూ ఉన్న కోపం కోపమే కాదనిపించింది శ్రీసుధకు. "పొద్దున్నే నేను చెప్పినాను అత్తమ్మా. మీ ముందరే చెప్పినాను."

"నువ్వు అన్నిటికీ చెప్తావు కదమ్మా. ఏది వినాల, ఏది మానాల నేను?"

అత్తగారి మాటలో అబద్ధం లేదు. కానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని తన పక్కన నిలబడ్డ మనిషి పొద్దున్నుంచి తప్పించుకున్నాడు. అతనికీ కిలుము తెలుసు, కళాయీ తెలుసు. గట్టిగా చెప్పే పని భార్యది. తిట్లు తినేదీ ఆమే. నమ్మకం మాత్రం అతనికి ఊరికే దక్కుతుంది.

సరుగుడు మొదట్లో ఇసుక తోడి ప్రసాదాన్ని పూడ్చారు. ఎవరూ తొక్కకూడదని వకుళాదేవి పైన రాళ్ళు పేర్చింది. గుండిగ బరువని యదునందన్ చెయ్యి వేయబోతే శ్రీసుధ మోచేత్తో నెట్టేసింది. ఒక చెవి అత్తగారు పట్టుకుంది, ఒక చెవి ఆమె పట్టుకుంది. ఇద్దరూ కలిసి వ్యాను దాకా మోశారు.

వ్యాను కదిలాక అతను వెనక్కి వాలి గుసగుసగా, "ఇంటికి పోయి మాట్లాడుకుందాం సుధా" అన్నాడు.

"ఈడే మాట్లాడండి. నాతో కాదు, మీ అమ్మతో. మామయ్య వినాల, గిరి వినాల, కౌస్తుభ్ కూడా వినాల."

అతను గొంతు సవరించుకున్నాడు, మళ్ళీ ఆగాడు. ఆమె అతని మీద నుంచి చూపు తిప్పలేదు.

"అమ్మా" అన్నాడు చివరికి. "పొద్దున సుధ చెప్పినప్పుడే నేను చూసినాను. తెలిసే మూత పెట్టినాను. నువ్వు బాధపడతావని."

వకుళాదేవి ఇటు తిరగలేదు. "నన్ను బాధపెట్టుంటేనే బాగుండు కదరా" అంది కిటికీలోంచి బయటికి చూస్తూనే.

గోద నిద్రలో కదిలితే శ్రీసుధ స్వెట్టరు సర్దింది. ఆమె కోపం ఏమీ చల్లారలేదు. చల్లారనివ్వాలని కూడా ఆమెకు లేదు.