తిరగేసి చూసే ఇన్‌స్పెక్టరు గారు

బళ్ళు తనిఖీ చేసే డిప్యూటీ ఇన్‌స్పెక్టరు సాంబమూర్తి గారు ఏ వస్తువునూ తిరగేసి చూడనిదే నమ్మేవారు కారు. పెడనలో మగ్గాల మధ్య పుట్టిన మనిషి. బట్ట నాణ్యం వెనకవైపే తెలుస్తుందని చిన్ననాడే నేర్చారు. అది బట్టలతో ఆగితే బాగుండేది. ఇడ్లీలు తిరగేసేవారు. గ్లాసు అడుగు చూడబోయి కాఫీ చొక్కా మీద ఒలకబోసుకునేవారు. పటమటలో ఒక పెళ్ళిలో పీటల మీదున్న పెళ్ళికొడుకు కండువా లాగి తిరగేసి, "నేత గట్టిదే!" అని మెచ్చుకున్నారు. మగపెళ్ళివారు మూడు ముళ్ళూ పడేదాకా ఆయన్ని మళ్ళీ పందిట్లోకి రానివ్వలేదు.

1946లో ఆయన పామర్రు పక్కనున్న చర్చి బడి తనిఖీకి వస్తున్నారనగానే పంతులమ్మ తెరేసమ్మకు అన్నం సహించలేదు. తాటాకు కప్పు, ముప్పై ఒక్క మంది పిల్లలు, అందరికీ తనొక్కతే. నాణ్యం చాలదని ఆయన రాస్తే గుర్తింపు పోతుంది, బడి మూతపడుతుంది, పిల్లలు మళ్ళీ గేదెల వెంట పడతారు.

"ఆయన తిరగేస్తారంటమ్మా," అన్నాడు చర్చిలో జపాలు చెప్పించే ఉపదేశి శౌరయ్య.

"ఏంటి తిరగేసేది?"

"ఏదైనా."

ఇక చూడండి, వారం రోజులు పేటంతా కలిసి బడిలో ప్రతిదాని వెనకా తోమింది. కుర్చీ అడుగు, గంట లోపల, నల్లబల్ల వీపు. తల్లులు పిల్లల చెవుల వెనక సున్నిపిండి పెట్టి ఎర్రబడేదాకా రుద్దారు. శౌరయ్య మరియమ్మ తల్లి పటం వెనక కొత్త కాగితం అతికించాడు.

ఇన్‌స్పెక్టరు గారు రానే వచ్చారు. కుర్చీ తిరగేశారు. అద్దంలా ఉంది. నల్లబల్ల తిప్పారు. వీపు నిగనిగలాడుతోంది. ముందుకు తిప్పారు. బూడిద గుమ్మడికాయలా ఉంది.

"ఇదేంటి టీచరు గారూ, రాసేవైపు నలుపే లేదు?"

"బల్లకు పూసే మసంతా... వెనక్కే సరిపోయిందండీ," అంది తెరేసమ్మ నేల చూస్తూ.

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, తిరగేసి చూసి, పెట్టుకున్నారు. "సరే, మూడో తరగతి చేత చదివించండి."

మూడో తరగతికి నలుగురే. అందరికంటే చురుకైన అమలమ్మను లేపి వాచకం చేతికిచ్చింది తెరేసమ్మ. పిల్ల పేజీ వంక చూసి నీళ్ళు నమిలింది.

"చదువమ్మా."

"రావట్లేదండీ."

"నిన్న గడగడా చదివావు కదే!"

"నిన్న వచ్చిందండీ."

శౌరయ్య గోడవైపు తిరిగి సిలువ గుర్తు వేసుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు రిపోర్టు తీసి కలం మూత విప్పారు. విప్పారే గానీ పాడలవాటు ఊరుకోనిస్తేగా! పుస్తకం లాక్కుని, వెనక అట్ట చూసి, ఎటుపడితే అటు మళ్ళీ పిల్ల చేతిలో పెట్టారు. పుస్తకం తలకిందులైంది.

"అనగనగా ఒక కాకి..." అమలమ్మ రైలులా కదిలింది. మూడో పేజీ దాకా స్టేషను లేదు.

"ఆగమ్మా, ఆగు! టీచరు గారూ, ఏంటిది?"

తెరేసమ్మకూ అప్పుడే వెలిగింది. "క్లాసుకు ఒక్కటే పుస్తకం అండీ. మధ్యన పెట్టుకుని నలుగురూ చుట్టూ కూచుంటారు. ఇదెప్పుడూ పుస్తకం తలవైపే కూచుంటుంది."

ఆయన పుస్తకం నేల మీద పెట్టించి నలుగురినీ చుట్టూ కూర్చోబెట్టారు. ఎవరివైపు నుంచి వాళ్ళు తప్పు లేకుండా చదివేశారు. ఆయనకు ఉబలాటం ఆగలేదు. పంచె సర్దుకుని అమలమ్మ పక్కన చతికిలబడి, తలకిందుల అక్షరాలు చదవబోయి రెండో మాటకే తడబడ్డారు.

"తప్పు!" అని నలుగురూ ఒక్కసారే అరిచారు. తెరేసమ్మ వాళ్ళ నోళ్ళు మూయబోయింది. ఇన్‌స్పెక్టరు గారు మాత్రం కళ్ళజోడు ఊడిపడేలా నవ్వారు.

"బడి ఉంటుందాండీ?" అంది తెరేసమ్మ పీలగా.

"మా నాన్న చీర తిరగేసేది తప్పులు పట్టడానిక్కాదమ్మా. ముళ్ళన్నీ అటువైపే ఉంటాయి. నేసినోడు పడ్డ పాటు అక్కడే తెలిసిపోద్ది," అని ఆయన లేచి దుమ్ము దులుపుకున్నారు.

పది రోజులకు ఒక మూట వచ్చింది. అందులో నాలుగు మూడో తరగతి వాచకాలు. ఆయన పిల్లలు చదివి దాచుకున్నవి. పైన రిపోర్టు నకలు:

"మూడవ తరగతి బాలబాలికలు వాచకమును నాలుగు దిక్కులనుండియు చదువగలరు. తనిఖీ అధికారి ఒక దిక్కున పరీక్షింపబడి తప్పినాడు. గుర్తింపు కొనసాగించవలెను."

ఆ ఆదివారం పూజ కాగానే శౌరయ్య దాన్ని సువార్త చదివినంత గట్టిగా రెండుసార్లు చదివాడు. మూడోసారి మొదలుపెడితే పూజ చేసిన స్వాములవారే వచ్చి ఆపాల్సి వచ్చింది.