గంగాభవాని చెప్పాల్సిన మాట

రాయపూర్ వ్యాగన్ రిపేర్ షాపులో ఖలాసీగా చేరి మిస్త్రీగా రిటైరైన పున్నయ్య కూతురు గంగాభవాని. ఆమె పోలీసులో చేరినప్పుడు మా రైల్వే కాలనీ తెలుగువాళ్లెవరూ గొప్పగా చెప్పుకోలేదు. అదే రైల్వేలో గుమస్తా ఉద్యోగమైతే లడ్డూలు పంచేవాళ్లు. ఆడపిల్ల ఖాకీ వేసుకుని రోడ్డు మీద నిలబడడమేమిటని తల్లి పార్వతమ్మ కొన్నాళ్లు ఎవరింటికీ వెళ్లలేదు. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడి నాలుగైదేళ్లే అయింది. థానాలు, అంటే పోలీసు స్టేషన్లు, పెరుగుతున్నాయి, ఆడ కానిస్టేబుళ్లు కావాలి. గంగాభవాని పరుగుపందెంలో ముందొచ్చింది. అంతకు మించిన కథేమీ లేదు.

ఉద్యోగంలో మొదట ఆమె నేర్చుకున్నవి రెండు పనులు. ఒకటి పంచనామా. ఎక్కడైనా ఏదైనా జరిగితే అక్కడ దొరికిన వస్తువులన్నీ ఇద్దరు సాక్షుల ముందు రాసుకోవాలి. నిజానికి అది చాలాసార్లు థానాకి తిరిగొచ్చి, టీ తాగి, బల్ల దగ్గర కూర్చుని రాసేవాళ్లు. ఎదురుగా పాన్ కొట్టు అతను వచ్చి సాక్షి సంతకం పెట్టిపోయేవాడు. రెండోది, కేసు ఏమైందని అడగడానికొచ్చేవాళ్లని తిప్పి పంపడం. "ఏమైనా తెలిస్తే చెప్తాం, వెళ్లండి" అనే మాట హిందీలో, ఛత్తీస్‌గఢీలో, తెలుగులో ఆమె ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. అది తప్పని ఆమెకెప్పుడూ అనిపించలేదు. నిజంగా తెలిసేది కాదు, తెలియనిదాని గురించి చెప్పడానికేముంటుందని అనుకునేది.

2024 ఎండాకాలంలో పోలీస్ లైన్సులో కొత్త చట్టాల మీద శిక్షణ ఇచ్చారు. జులై ఒకటి నుంచి పాత శిక్షాస్మృతి పోయి కొత్తది వస్తోంది. ఇరవై ఏళ్లుగా నోటికొచ్చిన సెక్షన్లన్నీ తారుమారయ్యాయి. హత్యకి నూట మూడట. మోసగాణ్ణి ఇకమీదట చార్ సౌ బీస్ అనకూడదు, తీన్ సౌ అఠారా, అంటే మూడొందల పద్దెనిమిది, అనాలని వెనక బెంచీలవాళ్లు నవ్వుకున్నారు. గంగాభవాని అప్పటికి హెడ్ కానిస్టేబులు, నలభై దాటింది. నంబర్లు ఎలాగో బట్టీ పట్టొచ్చు. ఆమెను కంగారు పెట్టినవి వేరే రెండు మార్పులు. ఇకమీద ఏ వస్తువు స్వాధీనం చేసుకున్నా అక్కడికక్కడే ఫోనులో వీడియో తియ్యాలి, సంచి ఉంటే విప్పి, డబ్బా ఉంటే తెరిచి చూపించాలి. రెండోది, ఫిర్యాదు చేసినవాళ్లకి దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల లోపల పోలీసులే చెప్పాలి.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెబితే, రైల్వే పార్శిల్ ఆఫీసులో పనిచేసే ఆమె భర్త ఉమేష్, ఈ చట్టం రాసినవాళ్లెప్పుడూ థానాలో నిలబడి ఉండరని అన్నాడు. ఆమెకీ అలాగే అనిపించింది.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున ఉర్లా ఫ్యాక్టరీల నుంచి పెద్దరోడ్డుకి వచ్చే దారిలో ఒక మనిషి చచ్చిపడి ఉన్నాడని ఫోనొచ్చింది. రాత్రంతా వాన. గంగాభవాని, కొత్తగా వచ్చిన సబ్ ఇన్‌స్పెక్టర్ వీరేంద్ర వెళ్లారు. మనిషికి యాభై పైన ఉంటాయి. పక్కన సైకిలు, కొంచెం దూరంలో చెప్పు, హ్యాండిలుకి వేలాడుతూ బట్టసంచి. సంచిలో ఆధార్ కార్డు, ఫోను ఉన్నాయి. పేరు అచ్చయ్య, ఊరు టెక్కలి దగ్గర. ఏదో ట్రక్కు గుద్ది పోయిందని చూడగానే అనుకున్నారు. ఆ దారిలో అలాంటివి కొత్త కాదు.

వీరేంద్ర రాస్తుంటే ఆమె రెయిన్‌కోటు అంచు ఫోనుకి అడ్డం పెట్టి వీడియో తీసింది. సంచిలో స్టీలు టిఫిన్ డబ్బా కనిపించింది. ఆ రోజు ఎవరో మంత్రి వస్తున్నారు, ఇద్దరూ బందోబస్తుకి పోవాలి. అన్నం డబ్బాయే కదా, పదమన్నాడు వీరేంద్ర. ఆమె మాత్రం శిక్షణలో చెప్పినట్టే మూత తీసి కెమెరాకి చూపించి, "స్టీలు డబ్బా ఒకటి, లోపల ఏమీ లేదు" అని హిందీలో చెప్పి మూత పెట్టేసింది.

అచ్చయ్య పనిచేసే ఫ్యాక్టరీ అక్కడికి దగ్గరే. ఇనుప దూలాలు అతికే చోటు. కాంట్రాక్టరు వచ్చి, అచ్చయ్యది పగటి డ్యూటీ అని, పొద్దున ఇంకా లోపలికి రాలేదని చెప్పాడు. అంటే పనికి వస్తూ దారిలో పోయాడన్నమాట. కేసు అలాగే రాసుకున్నారు.

అతని భార్య తాయారమ్మ అప్పుడు ఊళ్లో లేదు. కూతురి పురిటికి టెక్కలి వెళ్లి ఉంది. కబురందుకుని రైలు దిగి వచ్చేసరికి పోస్టుమార్టం అయిపోయి, శవాన్ని తెల్లగుడ్డలో చుట్టేశారు. థానాలో తెలుగు తెలిసింది గంగాభవాని ఒక్కతే కాబట్టి ఆస్పత్రిలో, శ్మశానంలో, ఆ తర్వాత ఫిర్యాదు మీద వేలిముద్ర వేయించడంలో ఆమే పక్కనుంది. తాయారమ్మ పెద్దగా ఏడవలేదు. అడిగిందానికి మాత్రం జవాబు చెప్పి ఊరుకునేది.

నెలలు గడిచాయి. ట్రక్కు దొరకలేదు. తొంభై రోజులు దగ్గర పడుతుంటే, ఫిర్యాదీ నంబరుకి ఒక మెసేజీ పెట్టేస్తే చట్టం చెప్పింది చేసినట్టేనని వీరేంద్ర అన్నాడు. గంగాభవాని కాగితాలు తీసి చూసింది. ఆ నంబరు అచ్చయ్యది. ఆ ఫోను థానా గదిలోనే సీలు వేసి ఉంది. పోనీ వేరే నంబరుకి పంపుదామన్నా హిందీ మెసేజీ తాయారమ్మ చదవలేదు. నేనే వెళ్లి చెప్పి వస్తానంది.

ఉర్లా పక్కనే బీర్‌గావ్‌లో ఒక వరసగదుల ఇంట్లో తాయారమ్మ ఉంటోంది. ఒక బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. గంగాభవాని యూనిఫాంలోనే వెళ్లి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంది. జవాబు లేని కేసు గురించి ఒకరి ఇంటికి వెళ్లి చెప్పడం ఆమెకి ఉద్యోగంలో అదే మొదటిసారి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"అక్కా, ఇన్ని రోజులు వెతికినాం గానీ ట్రక్కు పతా తెలీలేదు. ఇంక కేసు బంద్ చేసీవచ్చు. అది చెప్పడానికే వచ్చినాను" అంది, హిందీ కలిసిన కాలనీ తెలుగులో.

తాయారమ్మ, "నానొచ్చీసరికి గుడ్డ సుట్టీసినారు. ఎలాగ పడున్నాడో నాకు తెల్దు. నువ్వు సూసినావు కదమ్మా, ఎలాగున్నాడు?" అని అడిగింది.

నోటితో చెప్పలేక గంగాభవాని, ఆ పొద్దున తీసిన వీడియో ఉందని అనేసింది. అన్నాక అనకుండా ఉండాల్సిందేమో అనుకుంది. కానీ తాయారమ్మ మర్నాడే పని నుంచి సరాసరి థానాకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. వీరేంద్ర ముందు ఒప్పుకోలేదు. చివరికి, భర్త వస్తువుల్ని భార్య గుర్తుపట్టినట్టు రాసుకోవచ్చులే అని, శవం ఉన్న భాగం దాటించి వస్తువుల భాగం మాత్రం కంప్యూటర్లో పెట్టాడు.

సైకిలు అతనిదే అంది తాయారమ్మ. చెప్పూ అతనిదే. సంచి తను కుట్టిందే. తెర మీద గంగాభవాని చెయ్యి డబ్బా మూత తీసింది. తాయారమ్మ ముందుకి వంగి చూసింది.

"అన్నమేది?" అంది.

ఖాళీదేనని గంగాభవాని చెప్పింది.

"కాళీ డబ్బా అట్టుకుని పనికెవుడెల్తాడమ్మా? తినీసి, అక్కడే కుళాయి కాడ కడుక్కుని ఇంటికి తెస్తాడు. రోజూ అంతే. ఈయన పన్లోకి ఎల్లలేదు. పన్లోంచి వస్తన్నాడు."

గంగాభవాని ఆ మాటలు హిందీలో చెప్పింది. వీరేంద్ర వీడియో మళ్లీ వెనక్కి జరిపి, డబ్బా దగ్గర ఆపి చూస్తూ ఉండిపోయాడు. తెల్లవారుజామున పన్లోంచి వస్తున్నాడంటే అచ్చయ్య ఆ రాత్రంతా ఫ్యాక్టరీలోనే ఉన్నట్టు, మరి పగటి డ్యూటీ అని కాంట్రాక్టరు ఎందుకు చెప్పినట్టు? ఆ సాయంత్రమే వీరేంద్ర థానా ఇన్‌ఛార్జి గదికి వెళ్లి, ఈ కేసు ఇప్పుడే మూయడానికి లేదని చెప్పాడు. అక్కడ చాలాసేపు గొంతులు వినిపించాయి.

ఫ్యాక్టరీ గేటు కెమెరాలో అన్ని నెలల కిందటి బొమ్మలు లేవు. హాజరు పుస్తకంలో అచ్చయ్య పేరు పగటి డ్యూటీలోనే ఉంది. రాత్రి పనిచేసేవాళ్లెవరూ నోరు విప్పలేదు. సోంపేట వైపు నుంచి వచ్చిన పాపయ్య అనే కూలీ అచ్చయ్య చనిపోయిన వారంలోనే పని మానేసి ఊరెళ్లిపోయాడని మాత్రం తెలిసింది. గంగాభవాని అతని నంబరు సంపాదించి చాలాసార్లు ఫోన్ చేసింది. మొదట్లో పెట్టేసేవాడు. ఒకరోజు తాయారమ్మ బడిలో పిల్లలకి వంట చేస్తోందని మాటల్లో చెబితే, ఏ బడిలోనని అడిగాడు. తర్వాతి వారం అతనే రైలెక్కి వచ్చాడు.

ఫోను స్టాండుకి పెట్టి అతని వాంగ్మూలం రికార్డు చేశారు. వీరేంద్ర హిందీలో అడిగేవాడు, పాపయ్య తెలుగులో చెప్పేవాడు, గంగాభవాని రెండువైపులా చెప్పేది. ఆ రాత్రి మనుషులు తక్కువై అచ్చయ్యని రెండో డ్యూటీ కూడా చెయ్యమన్నారు. హైడ్రా అనే చిన్న క్రేను దూలాన్ని ఎత్తుతుంటే గొలుసు జారింది. అచ్చయ్య దాని కింద పడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఫ్యాక్టరీ మూయిస్తారని కాంట్రాక్టరు భయపడ్డాడు. మనుషుల చేత మోయించి రోడ్డు మీద పడుకోబెట్టించాడు, సైకిలు పక్కన పడెయ్యమన్నాడు. మోసినవాళ్లలో తనూ ఉన్నానని పాపయ్య చెప్పాడు. తలొంచుకుని మరో మాట అన్నాడు.

"అప్పుటికి ఊపిరుంది మేడమ్."

ఆ రికార్డింగులో ఆ చోట, ఏమన్నాడని వీరేంద్ర రెండుసార్లు అడగడం వినిపిస్తుంది. తర్వాత గంగాభవాని గొంతు ఆ మాటని హిందీలో చెబుతుంది.

పాపయ్యని సాక్షిగా తీసుకున్నారు, మేజిస్ట్రేటు ముందు కూడా అతను అదే చెప్పాడు. కేసులో సెక్షన్లు మారాయి. కాంట్రాక్టరునీ రాత్రి సూపర్‌వైజరునీ అరెస్టు చేశారు. థానాలో వీరేంద్రని మెచ్చుకున్నారు. గంగాభవాని మాత్రం తాయారమ్మకి కబురు చెప్పాలి. చెప్పే బాధ్యత చట్టం పెట్టింది, అందులో సందేహం లేదు. కానీ ఎంతవరకు చెప్పాలో చట్టంలో లేదు. ఫ్యాక్టరీలో పోయాడని చెప్పి అక్కడితో ఆపెయ్యొచ్చు. ఉమేష్ అదే చెయ్యమన్నాడు. ఆమె గాయం మీద ఇంకో దెబ్బ ఎందుకన్నాడు. తల్లి పార్వతమ్మ మాత్రం, కోర్టులో ఎవడో నల్లకోటువాడి నోట వినడం కన్నా నీ నోట వినడం నయం కదా అంది.

ఆదివారం మధ్యాహ్నం మామూలు చీరలో వెళ్లింది గంగాభవాని. అంతా చెప్పింది. రాత్రి డ్యూటీ, గొలుసు, కాంట్రాక్టరు, రోడ్డు. చివరికి ఆ మాట కూడా చెప్పింది.

తాయారమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చేట పక్కన పెట్టింది.

"నీళ్లడిగినాడా?"

"తెలీదక్కా. ఆ మాట నేను పాపయ్యని అడగలేదు."

తాయారమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. గంగాభవాని చాలాసేపు అక్కడే కూర్చుంది. చీకటి పడ్డాక వెళ్లొస్తానని లేచింది. ఆ తర్వాత రెండుసార్లు వెళితే గది తాళం వేసి ఉంది. కావాలనే ఎదురుపడడం లేదేమో అనుకుంది.

అయినా ఆ ప్రశ్న ఆమెని వదల్లేదు. పాపయ్య మళ్లీ ఉర్లాలోనే వేరేచోట పనికి చేరాడు. ఒక సాయంత్రం అతను గేటు దాటి వస్తుంటే ఆపి అడిగింది. అడిగాడని, తన సీసాలో నీళ్లు నోట్లో పోశానని, రెండు గుక్కలు మింగాడని అతను చెప్పాడు. అతని కళ్లల్లోకి చూసింది ఆమె. ఇరవై ఏళ్లుగా జనం చెప్పే మాటలు వింటున్న మనిషి. నిజమో, తను అడిగిందని అప్పుడే కల్పించి చెప్పాడో తేల్చుకోలేకపోయింది.

తాయారమ్మ పనిచేసే బడి దగ్గరకే వెళ్లింది. పిల్లలు తిని వెళ్లిపోయారు. తాయారమ్మ పెద్ద గిన్నె తోముతోంది.

"అక్కా, పాపయ్యని అడిగినాను. నీళ్లు అడిగినాడంట. ఇచ్చినానని అన్నాడు."

"అన్నాడా" అంది తాయారమ్మ.

"అన్నాడు."

ఇచ్చాడని గంగాభవాని చెప్పలేదు. తాయారమ్మ కూడా రెట్టించలేదు. గిన్నె బోర్లించి, చేతులు కడుక్కుని, మిగిలిన పప్పూ అన్నం ఒక పళ్లెంలో పెట్టి ఆమె ముందుకి జరిపింది. ఇద్దరూ వంటగది మెట్టు మీద కూర్చున్నారు.

కేసు ఇప్పుడు సెషన్స్ కోర్టులో నడుస్తోంది. కాంట్రాక్టరు బెయిలు మీద బయటే ఉన్నాడు. వీరేంద్రకి బిలాస్‌పూర్ బదిలీ అయింది. గంగాభవానిని ఊళ్లోనే పండరీ బజారు వైపు వేశారు. అక్కడ బట్టల దుకాణాల్లో దొంగతనాలూ జేబుకొట్టడాలూ ఎక్కువ. దొంగ దొరకని కేసుల్లోనూ ఫిర్యాదు ఇచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పి వస్తూనే ఉంటుంది. మెసేజీ పెడితే పోదా అని అక్కడివాళ్లు అంటారు. వాళ్లతో ఆమె వాదించదు. వాయిదా రోజు మాత్రం సెలవు పెట్టి, బీర్‌గావ్ వెళ్లి తాయారమ్మని ఆటోలో కోర్టుకి తీసుకొస్తుంది. పోయినసారి జడ్జి రాలేదు. మరో తేదీ ఇచ్చారు.