పట్టీలమ్మ ఎంచుకున్న ఏనుగు

ఆ కార్ఖానాలో ఎవరికీ సొంత పేరు మిగల్లేదు. ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. జిప్పులు కుట్టేవిడ జిప్పులమ్మ, జేబులు కుట్టేవిడ జేబులమ్మ, భుజం పట్టీలు కుట్టేవిడ పట్టీలమ్మ. కుట్టినవాటిని దీపం కింద పెట్టి వంకలు వెతికే పెద్దాయన భూతద్దం బాబాయ్. అక్కడ తయారయ్యేవి మిలిటరీ తరహా బ్యాగులు. బయట షాపుల్లో టాక్టికల్ బ్యాగులంటారు. కొండలెక్కేవాళ్ళూ, అడవుల్లో తిరిగేవాళ్ళూ, రోజూ ఆఫీసుకు ల్యాప్‌టాప్ మోసుకుపోతూ అదే కొండనుకునేవాళ్ళూ కొంటారు. వాటన్నిటిలోకీ పెద్దదానికి కార్ఖానావాళ్ళు పెట్టుకున్న ముద్దుపేరు ఏనుగు.

పట్టీలమ్మ ఏళ్ళ తరబడి ఆ ఏనుగులకు పట్టీలు కుడుతూనే ఉంది. కానీ ఒక్క పట్టీనైనా బరువుతో తన భుజానికి తగిలించుకున్న పాపాన పోలేదు. ఆమె కూరగాయలు తెచ్చుకునేది వేళ్ళు తెగే ప్లాస్టిక్ కవర్లలో. పనికి తెచ్చుకునేది చెవి ఊడిన గుడ్డసంచి. వాన పడితే దాన్ని కడుపుకు హత్తుకుని పరుగెత్తేది. వీధిలో ఎవరైనా ఏం పని చేస్తావమ్మా అని అడిగితే బ్యాగులు కుడతానని చెప్పడానికి ఆ సంచిని వెనక్కి పెట్టుకోవలసి వచ్చేది.

పైగా ఆ పట్టీ అంటే ఆమెకు ఒళ్ళుమంట. తిన్నగా ఉండి చావదు. మధ్యలో ఒక వంపు తిరుగుతుంది. లోపల ఫోము, పైన మందపాటి గుడ్డ, దాని మీద నాడా, ఈ మూడింటినీ కలిపి సూది కింద ఆ వంపు తిప్పేసరికి తల ప్రాణం తోకకొస్తుంది. "ఈ వంపు కనిపెట్టిన మహానుభావుడు ఒక్కసారి నా కంటబడితే బాగుండు" అని రోజుకోసారైనా అనకుండా ఆమె మిషన్ మీంచి లేచేది కాదు.

ఇలా ఉండగా సిటీ బస్సు నడిపే వాళ్ళక్క ఫోన్ చేసింది. అక్కకు సెలవు దొరికితే చాలు, కొండ మీదుంటుంది.

"ఈసారి నువ్వూ వస్తున్నావు. ఒక రాత్రి పైన డేరాలో పడుకుంటాం. పెద్ద బ్యాగు తెచ్చుకో. నీ సామాను నేను మోస్తాననుకోకు, ఇప్పుడే చెప్తున్నా."

"నేనా? కొండా?"

"నువ్వే. కొండే. ఇంకేం మాట్లాడకు, బస్సు కదిలే టైమైంది."

ఫోన్ పెట్టేశాక పట్టీలమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు. ఆమె బతుకంతా ఇల్లు, బస్సు, మిషన్. కొండను దూరం నుంచి చూడటమే తప్ప దాని మీద కాలు పెట్టింది లేదు. పెద్ద బ్యాగంటే ఏనుగే. అది షాపులో కొనే సరుకు కాదు, ఆమె మొగుడు స్కూలు వ్యాను నడిపి తెచ్చే డబ్బుల్లో దానికి చోటు లేదు. ఉన్న దారి ఒక్కటే, రిజెక్టు గది.

మిషన్లన్నీ విప్పి నూనె వేసే రోజు కార్ఖానాలో ఆ గది తెరుస్తారు. ఏడాదికి ఒకసారి వచ్చే రోజది. చెకింగులో తప్పిన బ్యాగులు అందులో గుట్టగా ఉంటాయి. చీటీలు తీస్తారు, చీటీల వరసలో తలా ఒకటి ఎంచుకుని ఉచితంగా పట్టుకుపోవచ్చు. పట్టీలమ్మ ఇన్నేళ్ళూ చిన్నవే తెచ్చింది. కొడుక్కి బడి బ్యాగు, మొగుడికి టిఫిను సంచి, అత్తగారికి మందుల పౌచి. ఈసారి తనకు.

చీటీ విప్పి చూస్తే ఆమె వంతు దాదాపు ఆఖరున. గుట్టలో ఏనుగులు రెండే రెండున్నాయి. ఇక చూడండి ఆమె అవస్థ. కటింగు అబ్బాయి ఒక ఏనుగును లేపి వీపుకు తగిలించుకుని అద్దంలో అటూ ఇటూ తిరిగాడు. "తాబేల్లా ఉన్నావురా" అని ఎవరో అన్నారు, వాడు మూతి ముడుచుకుని దాన్ని దించి ఒక చిన్న బ్యాగు తీసుకున్నాడు. అలా అన్నవాళ్ళకు పట్టీలమ్మ మనసులోనే దండం పెట్టుకుంది. జేబులమ్మ ఇంకో ఏనుగును పట్టుకుని జేబులన్నీ తెరిచి, మూసి, తెరిచి, తన పనితనానికి తానే మురిసిపోయి, చివరికి "మా ఇంట్లో దీన్ని పెట్టడానికి చోటెక్కడ?" అని వదిలేసింది. పట్టీలమ్మ నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడింది. ఆమె పేరు పిలిచేసరికి రెండు ఏనుగులూ అలాగే ఉన్నాయి!

ఒక్క అంగలో గుట్ట దగ్గరికి చేరింది. ఒక మగ్గు నీళ్ళు తెప్పించి గుడ్డ మీద చిలకరించింది. రెండిటి మీదా నీళ్ళు పూసల్లా జారిపోయాయి. లోపలికి తల దూర్చి అడుగు అతుకులు లాగి చూసింది, జంట కుట్టు గట్టిగా ఉంది. వీపుకు ఆనే మెత్త, నడుం బెల్టు, ఛాతీ మీద పెట్టుకునే చిన్న పట్టీ అన్నీ సరిగ్గా ఉన్నాయి. బయట వరసగా కుట్టిన నాడాల సందుల్లో వేలు దూర్చి, ఇక్కడ నీళ్ళ సీసా, ఇక్కడ గొడుగు, మామూలు రోజుల్లో ఇక్కడ టిఫిను డబ్బా అని అప్పుడే కాపురం పెట్టేసింది.

"బాబాయ్, వీటికేమొచ్చింది?"

భూతద్దం బాబాయ్ మొదటిది చూపించాడు. "దీనికి మూల దగ్గర జిప్పు పట్టేస్తుంది."

జిప్పులమ్మ ఒంటికాలి మీద లేచింది. "నా జిప్పుకేం? కాస్త కొవ్వొత్తి రుద్దితే జారిపోతుంది. అదే తీసుకోవే, నా మాట విను."

"మరి ఇంకోటి?"

బాబాయ్ కాస్త తటపటాయించి రెండో ఏనుగు పట్టీని, బ్యాగుకు అతికే చోట, దీపం వైపు తిప్పాడు. తప్పుకు గుర్తుగా ఆయన గీసిన సుద్ద గీత పక్కన కుట్టు లైను తప్పి పక్కకు జరిగి ఉంది. కుట్టు చివర వెనక్కి వచ్చి ముడి పడిన చోట, మిగతావాళ్ళు వేసేదానికంటే ఒక సూది పోటు ఎక్కువ పడి ఉంది. ఆ కార్ఖానాలో అలా ఒక పోటు ఎక్కువ వేసే చాదస్తం ఒక్కరికే ఉంది. అందరూ పట్టీలమ్మ వైపు చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఏ రోజు కుట్టిందో, ఏ ధ్యాసలో ఉందో ఆమెకు గుర్తు రాలేదు. మొహం మాత్రం వేడెక్కిపోయింది.

"బాబాయ్, ఇది ఆగుతుందా?"

"లైను సరిగ్గా ఉందా లేదా చూడటం వరకే నా పని. ఆగుతుందో లేదో మోసేవాళ్ళకే తెలియాలి. ఇక్కణ్ణుంచి పోయిన బ్యాగు ఒక్కటైనా తిరిగొచ్చి నాకు చెప్పిందా?"

అక్కడ ఆమెకు గుచ్చుకుంది. నిజమే, ఎవరూ వచ్చి చెప్పలేదు. ఇన్నేళ్ళు తాను కుట్టినవి ఆగాయో తెగాయో తనకే తెలియదు. జిప్పు పట్టేసిన బ్యాగు తీసుకుంటే హాయి. కానీ ఈ పట్టీ ఇక్కడే వదిలేసి వెళ్తే జన్మంతా ఇదే అనుమానం చెవిలో పోరు పెడుతుంది.

"నాకు ఇదే కావాలి" అంది.

"పిచ్చా? కొండ మీద తెగితే?" అంది జిప్పులమ్మ.

"తెగితే తెగింది, తెలుస్తుంది కదా. బ్యాగు పోతే పోయింది. నాకు తెలియాల్సింది నా కుట్టు సంగతి."

ఆ సాయంత్రం బస్సులో ఏనుగును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కిటికీ కనబడలేదు. అయినా ఆమె మొహంలో వెలుగు చూసి కండక్టరు కూడా నవ్వాడు.

ఇంట్లో పండగలా అయింది. కొడుకు దాంట్లో దూరి జిప్పు వేయమన్నాడు. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి జేబూ తెరిచి "ఇందులో ఏం పెట్టుకుంటారే? ఇందులో? మరి ఇందులో?" అని అడిగి అడిగి, ఒక జేబును తన తాళాలకు కేటాయించేసుకుంది.

"ముందు బరువు ఆగుతుందో చూడాలి" అంది పట్టీలమ్మ.

మొగుడు సైకిలు తగిలించే ఇనుప కొక్కెం గుమ్మం పక్కనే ఉంది. నీళ్ళ డబ్బాలు, ఇస్త్రీపెట్టె, కొడుకు పుస్తకాలు, మొగుడి స్పానర్ల పెట్టె, అన్నీ ఏనుగు కడుపులో కుక్కారు. ఆ లైను తప్పిన పట్టీ పట్టుకుని నలుగురూ కలిసి కొక్కేనికి తగిలించారు. ఊపిరి బిగబట్టి చూశారు. పట్టీ కిమ్మనలేదు. అత్తగారు ఆగలేక, బ్యాగు పట్టుకుని తనూ ఒకసారి వేలాడింది.

దబ్బుమని చప్పుడైంది. ఊడింది పట్టీ కాదు, కొక్కెం. గోడ పెళ్ళ ఊడి మొగుడి నెత్తి మీద సున్నం కురిసింది.

"గోడ కట్టినవాడి కంటే నా కోడలు నయం!" అని అత్తగారు కింద కూర్చునే చప్పట్లు కొట్టింది.

మొగుడు నెత్తి దులుపుకుంటూ "ఇప్పుడు నమ్మకం కుదిరిందా?" అన్నాడు.

కుదరలేదు. గోడకు వేలాడటం వేరు, నడిచే మనిషి వీపు మీద అడుగడుగునా కుదుపు తినడం వేరు. ఆ సంగతి కొండే చెప్పాలి.

కొండ కింద అక్క ఆమె బ్యాగును విప్పించి మళ్ళీ సర్దించింది. బరువైనవి వీపు వైపు, మెత్తవి అడుగున. "ముందు నడుం బెల్టు బిగించు. బరువు తుంటి మీద కూర్చోవాలి. ఆ తర్వాతే పట్టీలు లాగు."

పట్టీలమ్మ పట్టీలు లాగింది. లాగి అలాగే నిలబడిపోయింది.

"ఏమైందే?"

"అక్కా, ఈ వంపు!"

"ఏ వంపు?"

ఇన్నేళ్ళూ తాను తిట్టుకున్న వంపు భుజం మీంచి దిగి, చంక పక్కగా చుట్టుకుని, గుండెకు ఎక్కడా ఒత్తుకోకుండా వీపు వెనక్కి వెళ్ళిపోయింది. తన ఒళ్ళు కొలిచి కుట్టినట్టుంది. కుట్టింది తనే. ఆమెకు నవ్వొచ్చింది, దాని వెంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. "ఇందుకటే! ఇది ఇందుకటే అక్కా!" అంటూ అక్క చేయి పట్టుకుని ఊపేసింది. అక్కకు ముక్క అర్థం కాలేదు గానీ చెల్లెలి సంబరం చూసి తనూ నవ్వింది.

ఎక్కడం మొదలుపెట్టారు. రాత్రి కురిసిన వానకు రాళ్ళు తడిగా ఉన్నాయి. ఎండ వాటి మీద మెరుస్తోంది. కింద ఇళ్ళు చిన్నవవుతున్న కొద్దీ పట్టీలమ్మకు ఒంట్లో ఉత్సాహం ఉరకలు వేసింది. అయినా ఆమె బొటనవేలు ఊరుకోలేదు. మాటిమాటికీ వెనక్కి వెళ్ళి ఆ లైను తప్పిన కుట్టును తడిమి వచ్చింది.

"దురదా?" అంది అక్క.

"కాదు, పలకరిస్తున్నా."

నిటారుగా ఉన్న ఒక బండ దగ్గర దారి ఇరుకైంది. ఒక పక్క కొండ, రెండో పక్క చూడకపోవడమే మంచిది. పట్టీలమ్మ ముందు, అక్క వెనక. తడి రాతి మీద పట్టీలమ్మ కాలు జారింది. రెండో కాలూ జారింది. కేక వేయడానికి కూడా వ్యవధి లేదు, ఒళ్ళంతా పక్కకు ఒరిగిపోయింది. భుజం దగ్గర ఒక్క గుంజు. అంతే, ఆగిపోయింది. అక్క ఒక చేత్తో చెట్టు వేరునూ, ఇంకో చేత్తో ఆమె బ్యాగు పట్టీనీ ఉడుంపట్టు పట్టింది. పట్టీ మొదట్లో, సరిగ్గా ఆ కుట్టు పక్కన.

అక్క పళ్ళు బిగించి లాగింది. ఇద్దరూ బురదలో కూలబడ్డారు. అక్క మొహం పాలిపోయింది. పట్టీలమ్మ చేసిన మొదటి పని భుజం మీదికి మెడ తిప్పి చూడటం.

"తెగలేదు!"

"చచ్చేదానివే!"

"తెగలేదే అక్కా! చూడు, ఒక్క దారం కూడా లేవలేదు!"

"నేను చచ్చేంత భయపడితే నువ్వు దారాలు చూస్తున్నావా?" అని అక్క తిట్టింది, తిడుతూనే వాటేసుకుంది. అప్పుడు వచ్చింది పట్టీలమ్మకు భయం. అక్క భుజం మీద మొహం పెట్టుకుని కాసేపు వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో కూడా సంతోషమే ఎక్కువ.

పైకి చేరేసరికి అక్కడ వేరే జట్టువాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ బ్యాగులు బండకు ఆనించి ఉన్నాయి. వాటిలో ఒకటి ఏనుగు. ఎండకు వెలిసి, మోచేతి దగ్గర నలిగిన చొక్కాలా మెత్తబడిపోయి ఉంది. పట్టీలమ్మ తిన్నగా వెళ్ళి దాని ముందు కూర్చుని పట్టీ తిరగేసింది.

"ఏం వెతుకుతున్నారు?" అంది ఒక నెరిసిన జుట్టావిడ, లేచి వస్తూ. గొంతులో అనుమానం ఉంది. ఉండదూ మరి?

పట్టీలమ్మ చూపుడువేలు కుట్టు చివర ఆగింది. ఒక పోటు ఎక్కువ ఉంది. గుడ్డ రంగు పోయింది గానీ కుట్టు కదల్లేదు.

"ఇది కుట్టింది నేనండీ."

ఆవిడ ఆమె వైపు చూసింది. బురదంటిన మొహం, వీపు మీద అదే రకం బ్యాగు, కుట్టు మీద ఆగిన వేలు. ఆ వేలు చూపించిన చోటుకి వంగి చూసింది.

"దీంతో నేను ఎక్కని కొండ లేదు. వానలో, మంచులో, ఇంట్లో సామాన్లకీ ఇదే" అంది నెమ్మదిగా. "అయితే ఇన్నాళ్ళూ మీరు నా వెనకే ఉన్నారన్నమాట."

పట్టీలమ్మ ఆ వెలిసిన పట్టీని ఇంకోసారి తడిమింది. తనకంటే ముందే తన చేతులు కొండలన్నీ ఎక్కి వచ్చాయి, తనకే కబురు లేదు. ఆవిడ తన ఫ్లాస్కులోంచి వేడి టీ పోసి ఇచ్చింది. అంత రుచిగల టీ ఆమె ఎన్నడూ తాగలేదు.

సోమవారం పొద్దున కార్ఖానా తలుపు తీయగానే పట్టీలమ్మ తన మిషన్ దగ్గరికి వెళ్ళలేదు. బురద మరకలతో ఉన్న ఏనుగును తీసుకెళ్ళి భూతద్దం బాబాయ్ బల్ల మీద పెట్టింది. జిప్పులమ్మా, జేబులమ్మా కూడా చుట్టూ మూగారు.

"తిరిగొచ్చింది బాబాయ్."

ఆయన దీపం దగ్గరికి లాక్కుని ఆ కుట్టును చాలాసేపు చూశాడు. తన సుద్ద గీత ఇంకా కొంచెం మిగిలే ఉంది.

"ఆగింది" అన్నాడు. "ఎంత బరువు ఆపింది?"

"నన్ను" అంది పట్టీలమ్మ.

బాబాయ్ తలెత్తి ఆమెను చూశాడు. ఆ తర్వాత తడిగుడ్డ తీసుకుని ఆ సుద్ద గీతను తుడిచేశాడు. పట్టీలమ్మ మిషన్ ముందు కూర్చుని కొత్త పట్టీ అందుకుంది. వంపు దగ్గరికి వచ్చినప్పుడు ఎవరినీ తిట్టకుండా మెల్లగా తిప్పింది.