డాబా మీద గీసిన ఓడ గది

మొన్న మా డాబాకు వాటర్‌ప్రూఫ్ పెయింటు వేయడానికి ఒకతను వచ్చాడు. తార్నాకలో మా ఇల్లు పాతది. మూడు వానాకాలాలుగా వంటింటి మూలన చెమ్మ దిగుతోంది, ఈసారైనా వానలకు ముందే పని కానిద్దామని పిలిపించాం. అతను దుమ్మంతా ఊడ్చి, కడిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు కిందికే చూస్తూ నిలబడ్డాడు. "పెద్దమ్మా, గీ గీతలేంది? ఈడ రూం గిట్ల ఏపిద్దామనుకున్నరా?" అన్నాడు. ఏడాదిగా దుమ్ము కింద ఉండిపోయిన తెల్ల ఎనామిల్ గీతలు నీళ్ళు తగలగానే బయటపడ్డాయి. పొడుగాటి గది, ఒక మూల చిన్న చదరం, ఒక గోడ మీద గుండ్రటి కిటికీ. "రూమే నాయనా, ఓడలో రూము" అన్నాను. ఎండ నా తలకెక్కిందనుకున్నాడో ఏమో, "జర నీడకు కూసో పెద్దమ్మా" అన్నాడు. కూర్చున్నాను గానీ, ఆ గీతలు చూస్తుంటే పోయినేడు ఆ ప్రయాణానికి ముందు నేను పడ్డ పరేషాన్ అంతా మళ్ళీ కాళ్ళలోకి వచ్చింది.

నేను చదివింది నాలుగో తరగతి. అయితే నాకు జ్ఞాపకం ఎక్కువని మా వాళ్ళందరూ ఒప్పుకుంటారు. ఎవరి పెళ్ళిలో పప్పు మాడిందో, ఎవరి పుట్టువెంట్రుకల నాడు వాన పడిందో నన్నే అడుగుతారు. ఆ గొప్ప ఎక్కడ కూలిందో కూడా చెబుతాను. మా ఆయన యూనివర్సిటీలో జంతుశాస్త్రం ల్యాబ్ అటెండరుగా చేసి రిటైరయ్యారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఒక సెలవు రోజు ల్యాబ్ తాళం తీసి నాకు లోపల చూపించారు. గోడ పొడుగునా గాజు సీసాలు. నక్షత్రంలాంటి చేప, గుర్రం తలకాయ ఉన్న చేప, ఎనిమిది కాళ్ళ జీవి, చుట్టచుట్టుకున్న పాము, అన్నీ మందునీళ్ళలో తేలుతున్నాయి. ఇవన్నీ ఎక్కడివంటే సముద్రంలోవన్నారు. సముద్రం ఎంతుంటుందని అడిగాను. ఆయన ల్యాబంతా ఒకసారి కలయజూసి, "ఈ ల్యాబ్‌ల వట్టది" అన్నారు. ఎంతో కొలిచి చెప్పినట్టే. అప్పటినుంచి సముద్రమంటే నాకు సీసాలే గుర్తొచ్చేవి, కళ్ళు మండే ఆ మందు వాసనే తగిలేది. ఆ జీవాలను తీసిన నీళ్ళు ఒక్కసారి చూడాలని నలభై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఎవరితోనూ అనలేదు, మా బిడ్డతో తప్ప.

ఆ బిడ్డే పోయినేడు మా పెళ్ళిరోజుకు రెండు ఓడ టిక్కెట్లు కొన్నది. కాచిగూడలో రైలెక్కి చెన్నై పోవాలి, అక్కడ ఓడెక్కి మూడు రాత్రులు నీళ్ళ మీద తిరిగి మళ్ళీ అక్కడే దిగాలి. నేను సంతోషంతో కూర్చున్నచోటనే లేచి నిలబడ్డాను. మా ఆయన మాత్రం ఫోన్లో ఓడ బొమ్మ చూసి ఫోను బల్ల మీద బోర్లించారు. "నాకు ముషీరాబాద్ పోయే బస్సులనే కడుపుల దేవుతది. నేను నేల మీద మనిషిని, నన్ను నేల మీదనే ఉండనియ్యిండ్రి" అన్నారు. బిడ్డ బతిమాలింది, నేను అలిగాను, ఆయన పేపరు తిప్పారు. చివరికి బిడ్డ, "అమ్మా, నిన్ను ఒక్కదాన్నయితే పంపియ్య. తోడు మనిషిని చూసుకో, పేరు మారుస్త. తోడు దొరకకుంటే రెండు టిక్కెట్లూ క్యాన్సిల్" అని తేల్చేసింది.

అక్కణ్ణుంచి నాకు కాలు ఒక్కచోట నిలిస్తే ఒట్టు. ప్రయాణం ఇంకా నలభై రోజులుంది. రోజూ సంచి సర్దడం, మళ్ళీ విప్పడం. సర్వపిండి పెట్టుకుంటే మెత్తబడుతుందేమో, సకినాలు పెట్టుకుంటే నలుగుతాయేమో. తెల్లవారకముందే లేచి క్యాంపస్‌లోకి నడకకు పోయేదాన్ని. ఆర్ట్స్ కాలేజీ దాకా పోయి తిరిగొచ్చే మనిషిని, పాత క్వార్టర్ల దాకా, అక్కణ్ణుంచి హాస్టళ్ళ దాకా, మళ్ళీ గేటు దాకా, గిరగిరా తిరిగేదాన్ని. నడకకు వచ్చే ఒక రిటైరైన మేడంని ఆపి ఓడలో వాంతులకు ఏం చేయాలని అడిగాను. ఆవిడ దూరంగా ఒక్కచోటే చూస్తూ కూర్చోమన్నారు. ఒక్కచోటే చూడడం, ఒక్కచోటే కూర్చోవడం, ఆ రెండే అప్పుడు నాకు చేతగాని పనులు.

తోడు ఎవరంటే, నా నోట మా యారాలి మాటే వచ్చింది. మా మరిది భార్య, మెట్టుగూడలో కొడుకు దగ్గర ఉంటుంది. మరిది పోయి మూడేళ్ళవుతోంది. ఆమె పేరు ఎందుకు వచ్చిందో నాకే తెలియదు, ఎందుకంటే ముప్పై ఎనిమిదేళ్ళుగా మేమిద్దరం ఒకరింట్లో ఒకరం ఒక్కపూట పడుకున్నది లేదు. మాటలుండేవి. పెళ్ళిళ్ళలో పక్కపక్కన కూర్చునేవాళ్ళం. కానీ చీకటి పడితే ఆమె మెట్టుగూడలో, నేను తార్నాకలో. దానికి కారణం నేను అందరికీ చెప్పే కథ ఒకటుంది. ఆమె కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మేమంతా క్యాంపస్‌లో మా ఆయనకిచ్చిన క్వార్టర్లోనే ఉండేవాళ్ళం. ఒకే గది, ఆ గదిలోనే ఒక పక్క పొయ్యి. మగవాళ్ళిద్దరూ వరండాలో, నేనూ చంటిబిడ్డా యారాలూ లోపల. రెండేళ్ళు అలా గడిచాక మరిదికి మెట్టుగూడలో రైల్వే క్వార్టరు వచ్చింది. ఆ రోజు నేను చుక్కకూర పప్పు వండాను, వడియాలు వేయించాను, బెల్లం పాయసం చేశాను. ఆమె ట్రంకుపెట్టె రిక్షాలో పెట్టించి, వానలో తడుస్తూ, వడ్డించిన కంచం అలాగే వదిలేసి వెళ్ళిపోయింది. రైల్వే క్వార్టరు చూడగానే మా ఇంటి అన్నం చేదయిందని ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వడియాల లెక్కతో సహా చెప్పాను.

అటువంటి మనిషి ఫోన్లో అడగగానే "వస్తా అక్కా" అన్నది. అంతే. ఎప్పుడనీ, ఎక్కడికనీ అడగలేదు. అదే నాకు బుగులు. అంత తొందరగా వస్తానన్న మనిషి అంతే తొందరగా రానంటే? ఆమె రాకపోతే నా సముద్రం మళ్ళీ సీసాలోకే పోతుంది.

నా పరేషాన్ చూడలేక మా ఆయనే ఉపాయం చెప్పారు. ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళూ ఆయనదొకటే పద్ధతి. పిల్లలకు ప్రాక్టికల్ ఉందంటే ముందురోజే ట్రేలు, కత్తెరలు, సూదులు వాళ్ళకు పెట్టినట్టే పెట్టి, తానే ఒకసారి మొదటినుంచి చివరిదాకా చేసి చూసేవారు. ఏది తక్కువైందో అప్పుడే తెలుస్తుందంటారు. "ఓడ సుత అంతే. ముందుగాల ఈడ నడిపి చూడుండ్రి" అని, బిడ్డతో గది కొలతలు చెప్పించుకుని, గేటుకు వేయగా మిగిలిన తెల్ల పెయింటుతో డాబా మీద గది గీశారు. కొలతలో అంగుళం తేడా లేదు. టిక్కెట్టు కిటికీ లేని గదిది కాబట్టి, నాలుగు గోడలూ ఒక తలుపూ గీశారు. ఆదివారం సాయంత్రం నాలుగింటికి యారాలిని రమ్మన్నాం. రెండు మంచాలకు బదులు రెండు చాపలు నేనే పరిచాను.

ఆమె వచ్చి గీత బయట చెప్పులు విడిచింది. మూలనున్న చదరం చూసి, "బావా, ఇది బాత్రూమా? ఇండ్ల మనిషి వడ్తడా, బకెట్ వడ్తదా?" అన్నది.

"నిలవడి తానం చేస్తె మనిషి వడ్తడు. కూసుంటె బకెట్ వడ్తది" అన్నారు మా ఆయన, చేతి గడియారం చూసుకుంటూ. "గంట సేపు. ఎవ్వరూ బయటికి రావద్దు. ఓడ నడుస్తున్నది."

"నడిమిట్ల దిగుతమంటే?"

"ఈత వచ్చునా?"

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూనే వెళ్ళి నా చాప మీద పడుకున్నాను. తలుపు వైపు చాప నాది. ఆ పక్కన నీళ్ళ ట్యాంకు ఉంది, దాని నీడ సరిగ్గా నా చాప మీదే పడుతుంది, గాలి కూడా అటునుంచే. ఆమె చాప గోడ వైపు, ఎండలో. ఆమె పడుకుంది. అయిదు నిమిషాలకు లేచి కూర్చుంది. మళ్ళీ పడుకుంది. లేచి గీత వెంట అటూ ఇటూ తిరిగింది. నా చాపను చూసింది, తన చాపను చూసింది. తర్వాత ఒక్క అంగలో గీత దాటి బయటికి పోయింది.

"ఏయ్, అది గోడ! తలుపు ఇటు దిక్కున్నది!" అన్నారు మా ఆయన.

"తెలుసు బావా. గోడనే దాటిన" అన్నది. నా వైపు తిరిగి, "నేను రాను అక్కా. నా పేరు తీసెయ్యమను" అన్నది.

ఇన్ని రోజుల కంగారు నా నోట్లోకి వచ్చేసింది. "నాకెరుకే నువ్వు గిట్లనే చేస్తవని! ఆనాడు సుత గిట్లనే పోయినవ్. పెట్టిన కంచం ముట్టకుంట, ఒక్క మాట చెప్పకుంట. చుక్కకూర పప్పు చేసిన, వడియాలు..."

"వడియాలు పద్నాలుగు. మస్తుసార్లు విన్న" అన్నది. గొంతు పెంచలేదు. "నువ్వు చాప ఎక్కడ పరుచుకున్నవో చూసుకో అక్కా. ఆనాడు సుత గట్లనే పరుచుకున్నవ్. కిటికీ కింద నువ్వు, పొయ్యి పక్కన నేను. రెండేండ్లు గోడకు మొఖం పెట్టి పండుకున్న. నాకు గాలాడకపోయేది. గుండె మీద ఎవరో కూసున్నట్టు ఉండేది. జర జాగ మారుదామని అడిగిన, యాదున్నదా? పసిపిల్ల ఉన్నదన్నవ్. సరే అనుకున్న. పిల్ల నడవబట్టినంక మళ్ళ అడిగిన. నవ్వి ఊకున్నవ్. ఆ దినం అన్నం తింటే, కంచం కడిగి, ఇంకొక గంట గాడ ఉండాల్సొస్తది. ఉండలేకపోయిన. గంతే."

నేను గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఆ వాన గుర్తుంది, రిక్షా మీది పసుపుపచ్చ పరదా గుర్తుంది, ట్రంకుపెట్టె మీద రాసిన మరిది పేరు గుర్తుంది. ఆమె అడగడం గుర్తులేదు. రెండుసార్లు అడిగిందట. నా జ్ఞాపకంలో ఆ రెండు మాటలకూ చోటే లేదు. అడగలేదని వాదించడానికి నోరు తెరిచాను, అప్పుడు కింద నా చాప కనిపించింది, చల్లగా, నీడలో. అది ఎవరో చెబితే పరిచింది కాదు. నా చేతులతో నేనే పరిచాను.

లేచి, పోయి ఆమె చాప మీద పడుకున్నాను. డాబా అప్పటికింకా కాలుతోంది. వీపు కింద చాపలోంచి సెగ తగులుతోంది, ఎదురుగా ఎండ కళ్ళలోకి. మా ఆయన ఏమనుకున్నారో, "ఇంక ముప్పావుగంట ఉన్నది" అని మాత్రం అన్నారు. ఉన్నాను. చెమట చెవుల్లోకి కారింది. ఎటు ఒత్తిగిలినా గోడే. గీసిన గోడే అయినా గోడే. పావుగంటకే లేచి పరుగెత్తాలనిపించింది. రెండేళ్ళు అన్న మాట అప్పుడు తలలోకి దిగింది. కాసేపటికి అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె ఈసారి తలుపు గీసినచోట నుంచే లోపలికి వచ్చి, ట్యాంకు నీడలో నా చాప మీద పడుకుంది. "గిట్ల ఎండల పండుకుంటె సల్లవడ్తనా నేను?" అన్నది. "సల్లవడమని పండుకోలే. ఊకె పండుకున్న" అన్నాను. కాసేపటికి ఆమె గురక వినిపించింది. గంటయిందని చెప్పడానికి మా ఆయన నోరు తెరిస్తే, వద్దని చేత్తో సైగ చేశాను. ఓడ ఇంకో అరగంట నడిచింది.

మర్నాడు బిడ్డకు ఫోన్ చేసి, కిటికీ ఉన్న గది కావాలన్నాను. నానా తంటాలు పడి మార్పించింది. సాయంత్రం మూడు ఫోన్లూ కలిపి మాట్లాడుతుంటే యారాలు అడిగింది, "కిటికీ తెరుచుకుంటదా బిడ్డా?"

"తెరుచుకోదు చిన్నమ్మా. అద్దం బిగిచ్చి ఉంటది."

నేను వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి రెండుసార్లు తిరిగాను. ఫోను చెవికి అతుక్కుపోయింది.

"కనవడ్తదా?" అన్నది చివరికి.

"అంతా కనపడ్తది."

"అయితె వస్తా. కిటికీ దిక్కు నేను."

మా ఆయన ఆ పూటే మిగిలిన పెయింటు పట్టుకుని డాబా ఎక్కారు. ప్రయోగం మారితే బొమ్మ కూడా మార్చాలట. ఆమె దాటిన గోడ మీదే గుండ్రటి కిటికీ గీశారు. మేము వెళ్ళాం, వచ్చాం. సకినాలు నలిగాయి, నాకు వాంతులైనాయి, ఆమెకు కాలేదు. ఆమె కిటికీ అద్దానికి నుదురు ఆనించి కూర్చునేది. నేను సముద్రాన్ని మొట్టమొదట చూసింది ఆమె భుజం మీదుగా. ల్యాబ్‌లో పట్టదన్న మా ఆయన మాట నిజమే.

మొన్న పెయింటు అతను డబ్బా మూత తీసి, "ఉంచాల్నా పెద్దమ్మా, కొట్టెయ్యాల్నా?" అని అడిగాడు. యారాలిని అడిగి చెబుతానన్నాను. ఆమె ఈమధ్య వారానికి రెండు రోజులు మా ఇంట్లోనే ఉంటోంది. ఆ సమయానికి కింద గదిలో కిటికీ పక్కన మంచం మీద మధ్యాహ్నం నిద్రలో ఉంది. మెట్లు దిగి తలుపు దాకా పోయాను గానీ, లేపబుద్ధి కాలేదు. కర్టెను కదులుతోంది, ఆమె ముఖం మీద వెలుతురు వచ్చి పోతోంది. క్వార్టర్లో రెండేళ్ళు కిటికీ కిందే పడుకున్నాను. అక్కడ ఒక కిటికీ ఉందని నాకు తెలియడానికి మాత్రం ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది.