సుత్తికి దొరకని నొప్పి

మా నాన్నకు తన చెవుల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. ఖరగ్‌పూర్ స్టేషన్లో బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తితో చక్రాలన్నీ కొట్టుకుంటూ పోవడం ఆయన ఉద్యోగం. చక్రం ఖంగుమంటే బండి కదులుతుంది. బొంగురుగా పలికిందంటే లోపల ఎక్కడో పగులున్నట్టే. ఇక ఆ పెట్టెను విడదీసి, మరమ్మతు బళ్లుండే సిక్ లైన్లోకి తోసేస్తారు. డ్యూటీ అయ్యాక సుత్తి స్టేషన్లోనే ఉండేది గానీ, చెవులు ఇంటికొచ్చేవి. కుండలు, గిన్నెలు, పుచ్చకాయలు, ఏది కొన్నా కొట్టి చూడాల్సిందే. గోల్‌బజార్‌లో కొబ్బరికాయలమ్మే బెంగాలీ దాదా అయితే, నాన్నను దూరం నుంచి చూడగానే బుట్ట మీద గోనె కప్పేసేవాడు.

అలాంటి మనిషి కొడుకునై ఉండి, పంతొమ్మిదివందల అరవైల్లో, స్కూల్ ఫైనల్ చదివే రోజుల్లో నేను కుంటడం మొదలుపెట్టాను. కుడి తుంటిలో ఎక్కడో లోతుగా ఒకటే సలుపు. పగలు ఎలాగో ఓర్చుకోనిచ్చేది గానీ, పడుకుంటే కన్ను మూయనిచ్చేది కాదు. అమ్మ ఊక కాపడం పెట్టింది. పక్క క్వార్టర్లోని బెంగాలీ మాషీ ఆవనూనెలో వెల్లుల్లి కాచి తెచ్చి, వద్దన్నా రుద్దిపోయేది. బళ్లో నా పక్కన కూర్చునేవాడు ఆ వాసన పీల్చి, ఊరగాయ తెచ్చావా, కొంచెం పెట్టవా అని అడిగాడు.

నాన్న వైద్యం వేరు. నన్ను మంచం మీద బోర్లా పడుకోబెట్టి, వేలి కణుపులతో తుంటి మీద టకటకా కొట్టి, చెవి ఆనించి విన్నాడు. పోల్చుకోవడానికి ఎడమ వైపూ కొట్టాడు.

"పగులు నేదు. సప్పుడు బాగుంది. కుర్సీలో వంకరగా కూకుంటావు, అదే నీ జబ్బు."

ఆయన పాస్ చేసేశాక ఇక అప్పీలు లేదు. ట్రాఫిక్ కాలనీ రోడ్డు మీద నా చెప్పులు ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా పలికేవి. ఆ చప్పుడు మాత్రం నాన్న చెవిన పడలేదు. ఎప్పుడు బయటికెళ్లినా ఆయన నాకంటే చాలా ముందు నడిచేవాడు మరి.

చివరికి అమ్మే పోరిపోరి మమ్మల్ని ఆసుపత్రికి పంపింది. డాక్టరుగారు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించారు. తొడ ఎముక పైభాగంలో శనగగింజంత మచ్చ.

"చిన్న గడ్డ. మంచి రకమే, ప్రాణభయం లేదు. ఆపరేషన్ చేసి తీసేస్తే సరిపోతుంది. అందాకా ఈ మాత్రలు వెయ్యండి" అన్నారు.

చూస్తే అవి తలనొప్పి మాత్రలు! వేసుకున్న కాసేపటికే నొప్పి ఎటుపోయిందో తెలీదు. తుంటి నొప్పికి తలకాయ మందేమిటని నాకు నవ్వాగలేదు. నాన్న మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి వంటింట్లో అమ్మతో అంటున్నాడు.

"ఎముకలో మంచి గడ్డేటి? పగుల్లో మంచి పగులుంటాదేటి? ఆల్లు పైకి సెప్పడం నేదు గానీ, గుంటడి కాలు తీసేత్తారు."

యార్డులో కాళ్లు పోగొట్టుకున్నవాళ్లను మోసిన మనిషి ఆయన. ఆ రోజు నుంచి దేన్నీ కొట్టి చూడడం మానేశాడు. ఆ వేసవిలో ఇంటికొచ్చిన పుచ్చకాయ కోస్తే లోపలంతా తెలుపు, వట్టి చప్పన. దాన్నే పంచుకుని తినేశాం. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

ఆపరేషన్ అయ్యి మెలకువ వచ్చేసరికి నాన్న నా కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కుడికాలి బొటనవేలు గట్టిగా పట్టుకున్నాడు, వదిలితే ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్నట్టు. నర్సు దీదీ వచ్చి కసురుకుంటే గానీ వదల్లేదు.

చంకకర్రలు మానేశాక మొదటిసారి ఇద్దరం గోల్‌బజార్‌కు బయలుదేరాం. కొంత దూరం పోయాక చూస్తే ముందు నాన్న లేడు. తిరిగి చూశాను. నా వెనకాలే, తల వంచుకుని మెల్లగా వస్తున్నాడు.

"ఏటి నాన్నా, అలిసిపోనావా?"

"నేదురా."

"మరి ఎనకాల నడుత్తున్నావేటి?"

ఆయన భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"నువ్వు నడువు. నాను సప్పుడు ఇంటన్నాను."